రెండు పెట్టెల యుద్ధము

మృగశిర ప్రవేశించినను చినుకు రాలక ధూళిధూసరితమైన గాలి రేకుతలుపులను దడదడలాడించుచుండ ప్రభాతభాస్కరుడు నిమ్మలకుంట కొట్టములపై నప్పుడే నిప్పులు చెరుగుచుండెను. వీడియోగేములు సముద్రాంతర ద్వీపములందు గాక తోలుబొమ్మలాటవారి చేతులలో పుట్టిపెరిగిన యొకానొక లోకచరిత్రమందు ఆ గ్రామమే ఆటయంత్రములైన కన్సోళ్ళకు రాజధాని. అందు వెలసిన ధీరసేనవిజయ మను నాట రెండుభాగములతో దేశదేశముల బాలకులను టీవీల ముంగిట కట్టివేసియుండెను.

తృతీయభాగము మధ్యాహ్నపు రైలుకు మదరాసు చేరవలసియుండెను. అచ్చట చిప్పులపై నచ్చుపడిన పిమ్మట నక్షరమైనను మార్చ శక్యము గాదు. అట్టివేళ దాని యంత్రాజ్ఞలు వ్రాసిన తిమ్మక్క దానిని కడసారి యాడి చూచుచుండెను. కడపటి రణరంగమున కరాళాసురుడు తెరపై నడుగిడినతోడనే ధీరసేనుడు మాయమయ్యెను!

వెదకగా నామెకు కారణము తెలియవచ్చెను. వీరుని రక్కసుని ఒక్కపెట్టెలో నుంచిన నిల్లు కలహముల పాలగునని వారి యింట తాతలనాటినుండి బొమ్మలను వేఱుపెట్టెలలో దాచువాడుక. ఆమె తండ్రియు చిత్రకారులకెల్ల పెద్దయు నైన ఓబులప్ప ఆ వాడుకనే పాటించి ఆటను దాచు కార్ట్రిడ్జిలోని రెండు జ్ఞాపకపుటరలలో నా యిరువురి రూపములను వేఱువేఱుగ నమర్చెను. యంత్రమో ఒక్కమాఱు ఒక్కయరను మాత్రమే తెఱవగలదు. పూర్వభాగములలో వారు ముఖాముఖి తారసిల్లలేదు గనుక గుట్టు దాగెను. వీరుని రూపమును రక్కసుని యరలోనికి మార్చుట గడియసేపు పని. కాని యట్లుచేసిన దినమున మఱి బొమ్మ గీయనని ముసలివాడు ప్రతినబట్టియుండెను. అతని చేయి లేని యాట ఆటయే కాదు. ముందు నుయ్యియు వెనుక గొయ్యియు నైనట్లు తిమ్మక్క తల్లడిల్లెను.

"ఏమమ్మా, యట్లు కూర్చుంటివి? రైలువేళ కావచ్చెను గదా!" యని ఓబులప్ప గడపలోనుండి పిలిచెను.

"ఒక్క గడియ నాయనా!"

ఆమె నాలుగు పంక్తులు వ్రాసి రెప్పపాటులో పదియవవంతు వీరుని యరయు మఱుసటి పదియవవంతు రక్కసుని యరయు మార్చిమార్చి తెఱచునట్లు యంత్రమున కాజ్ఞ యొసగెను. తెరపై నిరువురును కనబడిరి. కాని నిలుకడలేక మినుకుమినుకుమని యల్లాడుచుండిరి.

"నాయనా, పెట్టెలు కలుపలేదు. కాని బొమ్మలు నిలువకున్నవి" అని యామె భయపడుచు చెప్పెను.

ఓబులప్ప గడప దాటి వచ్చి తెరను చూచెను. అతని కన్నులు చెమర్చెను.

"టీవీలోనికి వచ్చిననాటినుండి నాకేదో కొఱతగా నుండెను తల్లీ! తెరవెనుక రెపరెపలాడి బొమ్మల నల్లాడించు ఆముదపుదీపమును మఱచితిమి. నీవు దానిని వెలిగించితివి."

రైలు కూతకు ముందే పొట్లము స్టేషను చేరెను. పిదప వేయియరల నొక్కసారి తెఱవగల కన్సోళ్ళు వచ్చినను తిమ్మక్క వారిరువురిని వేఱుపెట్టెలలోనే యుంచెను. బాలకులును బొమ్మ లల్లాడనిదే యది యుద్ధమని నమ్మరైరి.