రాత్రి ఎనిమిది గంటల మాత్ర

నేను ఒక మందు సీసాని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, నీలం మూత. మందుల షాపు అలమరలో పెడితే నన్ను వేరుగా గుర్తుపట్టడం కష్టం. కానీ నా మూతలో కందిబద్దంత యంత్రం ఒకటి ఉంది. ఎవరు మూత తీసినా ఆ రోజు, ఆ గంట, ఆ నిమిషం అది గుర్తుపెట్టుకుంటుంది. అంతవరకే దాని తెలివి. తీసిన మాత్ర ఎవరి గొంతు దిగిందో దానికి తెలియదు. నాకు తెలుసు, కానీ నన్ను అడిగినవాళ్లు లేరు.

నా ఒంటిని ఒక ఊరి షెడ్డులో పోతపోశారు. తల మాత్రం సముద్రం దాటి పెట్టెలో వచ్చింది. ఒక అమ్మాయి రెంటినీ కలిపి ఒక్క తిప్పు తిప్పింది, అతుక్కుపోయాను. పరాయి తల అని నా ఒళ్లు ఒక్క రోజు కూడా గొణగలేదు. మనుషులకు ఇది ఇంత సులువు కాదని విశాఖలో ఆ పెద్దాసుపత్రికి వచ్చాకే తెలిసింది.

మనిషి ఒంట్లో ఇంకొకరి కిడ్నీ పెడితే ఒళ్లు దాన్ని దొంగ అనుకుంటుందట. నిన్ను బతికించడానికే వచ్చిందిరా అన్నా వినదు, తరిమి తరిమి కొడుతుంది. ఆ ఒంటిని జోకొట్టి ఉంచడానికి పొద్దున ఎనిమిదికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఒక మాత్ర, ప్రాణం ఉన్నన్నాళ్లూ వేసుకోవాలి. జోకొట్టడం ఎక్కువైతే సందు దొరికిందని ఊళ్లో ఉన్న రోగాలన్నీ లోపలికి వస్తాయి. తక్కువైతే కిడ్నీ పోతుంది. మరి ఎంత మందు చాలు? ఆ ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి చేస్తున్న పరిశోధన అదే. యాభై మంది, రెండేళ్లు, మనిషికొక సీసా. మందు ఉచితం. యాభైయో సీసాని నేను.

మనుషులను చేర్చుకునే రోజు వరసలో చివరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరూ సముద్రం ఒడ్డున ఉద్దానం వాళ్లు, ఒకే ఊరు. ముందు నిలబడ్డవాడు లోకనాథం, కొబ్బరి పీచు పని చేస్తాడు. వెనకామె దమయంతి, జీడిపిక్కలు కొట్టే పని. ఆమె కాళ్లు మార్చి మార్చి నిలబడటం చూసి అతను పక్కకు జరిగాడు.

"నువ్వు ముందు నడువప్పా. నానెప్పుడెల్తే ఏటి?"

ఆమె లోపలికి వెళ్లింది. ఆమె వేలిముద్ర పడగానే యాభై నిండాయని తలుపు దగ్గర కాగితం అంటించారు. లోకనాథం ఆ కాగితం చదివి, నవ్వి, "పోన్లే" అన్నాడు. ఆ ఒక్క 'పోన్లే' ఆ తర్వాత ఎన్ని రోజులు ఆమెను నిద్రపోనివ్వలేదో నేను చూశాను.

వాళ్లిద్దరికీ రక్తసంబంధం లేదు, కానీ అంతకంటే గట్టిది ఉంది. రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక కుర్రవాడి రెండు కిడ్నీల్లో ఒకటి ఈమెకు, ఒకటి అతనికి పెట్టారు. పక్కపక్క గదుల్లో ఒకే రోజు కోత. ఆ కుర్రవాడి పేరేమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 'బాబు' అనుకునేవారు. నెలనెలా ఆ తేదీన ఒకచోట వండుకుని, మొదటి విస్తరి బాబుకు వేసి, తర్వాతే తినేవారు. అప్పా అంటే అక్కా అని, తమ్ముడూ అని పిలుచుకోవడం అలా మొదలయింది. అంతకుముందు ఒకే వీధిలో ఉండి కూడా పలకరింపు లేదట!

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ముందు డాక్టరమ్మ ఓపికగా చెప్పిన మాటల్లో జరిగింది. "చూడమ్మా, తక్కువ మందుతో కూడా కిడ్నీ నిలబడుతుందేమో అన్నదే మా ప్రశ్న. దానికోసమే ఈ పరిశోధన. నువ్వు మాత్రం మేం ఇచ్చినంతా మానకుండా వేసుకోవాలి" అని ఆవిడ చెప్పింది. మొదటి మాట దమయంతి మనసులో నాటుకుంది. చివరి మాట జారిపోయింది. మనుషులు తమకు కావలసిన ముక్కే వింటారు, అందులో చదువుకున్నవాళ్లూ తక్కువేం కారు.

దమయంతి ఇంట్లో నా చోటు దేవుడి పటాల గూట్లో. భర్త గుజరాత్ రేవుల్లో పడవ పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. జీడి రసానికి ఆమె వేళ్లు నల్లబడిపోయి ఉండేవి. ఎంత బూడిద రాసుకున్నా పోదు ఆ నలుపు. మూత తిప్పినప్పుడల్లా కొంచెం నాకూ అంటించేది. మొదటి మూడు నెలలూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, గడియారం చూసి మింగింది. ఒళ్లు తేరుకుంది. కిడ్నీ పెట్టకముందు రెండేళ్లు మిషన్ మీద రక్తం కడిగించుకుని వడలిపోయిన మనిషి, మళ్లీ పనిలో నలుగురితో పోటీపడి పిక్కలు కొట్టింది. నాకు గర్వంగా ఉండేది.

నాలుగో నెలలో ఒకనాడు లోకనాథం అరుగు మీద కూర్చుని మాట్లాడుతూ నోరు జారాడు. అతనికి సర్కారు ఇచ్చే మందు ఒక నెల వస్తే ఒక నెల రావడం లేదు. రాత్రి మాత్ర మానేసి, ఉన్నవాటిని పొద్దుటికే సరిపెట్టుకుంటున్నాడు.

"ఏటి కాదులేప్పా. ఒంటికి బాగానే ఉంది."

దమయంతి మర్నాడు రాత్రి ఎనిమిదికి మూత తీసింది. మాత్ర నల్లటి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను లోపల ఒకటే మొత్తుకున్నాను, మింగు తల్లీ మింగు అని. వీధిలో అతని చెప్పుల చప్పుడు వినపడగానే బయటికి వెళ్లి ఆ మాత్ర అతని చేతిలో పెట్టింది.

"ఆసుపత్రోళ్లు నాకు రెండు సీసాలిస్తన్నారు తమ్ముడూ. ఒకటి అలగే మిగిలిపోతంది. రోజూ ఈ ఏలకొచ్చి మింగి ఎల్లు."

"నిజమేనా?"

"అబద్దమాడితే నాకేటొస్తది?"

లోకనాథం ఆ రెండో సీసా చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నిజం బయటపడుతుందని భయపడ్డాడో, అప్ప మాటే వేదమనుకున్నాడో నాకు తెలియదు. బతకాలన్న ఆశ ఎంత మంచివాణ్ణయినా ఎక్కువ ప్రశ్నలు వేయనివ్వదు. రోజూ వచ్చేవాడు, మింగేవాడు, చెంబెడు నీళ్లు తాగి వెళ్లేవాడు. అతను వెళ్లాక ఆమె పటాల ముందు నిలబడి, "బాబూ, రెండూ నీయే గదా. నువ్వే సూసుకో" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది.

నా మూతలోని యంత్రం మాత్రం భేషుగ్గా పనిచేసింది. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. నెలకోసారి విశాఖ తీసుకెళ్లినప్పుడు నా లెక్క తీసి చూసి అందరూ మురిసిపోయేవారు. యాభై మందిలో ఇంత నియమంగా మందు వేసుకునే మనిషి లేదని దమయంతిని చూపించి మిగతావాళ్లకు బుద్ధులు చెప్పారు కూడా. పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం తీస్తారు. ముందురోజు రాత్రి వేసుకున్న మందు ఒంట్లో ఎంత మిగిలిందో చూడటానికి. నాలుగో నెల నుంచి ఆమె రక్తంలో ప్రతిసారీ మందు అడుగంటి ఉండేది. వేసుకుంటే కదా ఉండటానికి?

"పసరు మందులేమైనా తాగుతున్నావా దమయంతీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేదమ్మా."

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావు కదా?"

ఆ ప్రశ్నకు దమయంతి నా వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపే డాక్టరమ్మ తనే నవ్వేసి, "అదేం ప్రశ్నలే, మూత అబద్ధం చెప్పదుగా" అంది. తేరుకునే కొద్దీ ఈమె ఒళ్లు అందరికంటే త్వరగా మందును ఖర్చు చేసేస్తోందని ఆవిడకు తోచింది. ఆ తీరప్రాంతం మనుషుల రక్తంలోనే ఏదో విశేషం ఉందేమోనని ఉత్సాహపడి రాసుకోవడం మొదలుపెట్టింది. మంచి మనిషే. మందు పెంచేముందు కారణం తేల్చాలి, ఇంకో నెల చూద్దాం అనుకుంది. ఆ నెల తర్వాత ఇంకో నెల చూసింది. యంత్రాన్ని నమ్మినంతగా ఎదురుగా ఉన్న ముఖాన్ని చదివి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నేనూ ఆ పాపంలో పిడికెడు మోసినదాన్నే.

పదకొండో నెలలో దమయంతి కాళ్లు ఉబ్బాయి. ముఖం నీరుపట్టింది. పిక్కలు కొట్టే పీట మీదే ఒకరోజు ఒరిగిపోయింది. నన్ను సంచిలో వేసుకుని, రైలెక్కించి, విశాఖ తీసుకొచ్చింది లోకనాథమే. కిడ్నీ లోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఒళ్లు దాన్ని తరమడం మొదలుపెట్టి చాలా రోజులయిందట. ఐదు రోజులు సూదిమందులు ఎక్కించారు. చేతులు కాలాక ఆకులు. ఆరో రోజున మళ్లీ మిషన్‌కు తగిలించారు.

డాక్టరమ్మ నన్ను చేతిలో పట్టుకుని గది బయటికి వచ్చింది. లోకనాథం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఒక్క పూట మానలేదయ్యా మీ అక్క. పొద్దునా రాత్రీ ఎనిమిదికి తప్పకుండా ఈ మూత తీసింది. ఎందుకిలా అయిందో నాకు అర్థం కావడం లేదు."

"ఈ మూతొక్కటేనా మేడమ్? రెండో సీసా కూడా ఉంది గదా?"

"రెండో సీసా ఏమిటి? మనిషికి ఒకటే ఇస్తాం."

లోకనాథం "రాతిరి మాత్ర నాను మింగినాను మేడమ్. ఎనిమిది నెల్లు" అని నేల మీద తల బాదుకున్నాడు. డాక్టరమ్మ వేళ్లు నా చుట్టూ బిగుసుకున్నాయి.

మర్నాడు దమయంతి మంచం దగ్గర కూర్చుని ఆవిడ అడిగింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఇయ్యడం మానమంటారని." దమయంతి కళ్లు మూసుకునే మాట్లాడింది. "ఆ సోటు తమ్ముడిదమ్మా. నన్ను ముందు నడమన్నాడు గాబట్టి నాకొచ్చింది. తక్కువ మందుతో నిలబడుతుందేమో అని మీరే అన్నారు గదా. నిలబడుతుందనుకున్నాను."

డాక్టరమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

నియమం ప్రకారం దమయంతి పేరు పరిశోధన లోంచి తీసేశారు. మందు చెప్పినట్టు వేసుకోలేదు కాబట్టి ఆమె లెక్క పనికిరాదట. సగం మందు చాలదని ఆ యాభై మందిలో తన ఒంటితో జవాబు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆ జవాబే కొట్టేశారు. డాక్టరమ్మ మిగతా నలభై తొమ్మిది మందినీ పిలిచి, ఈ మాత్రలు ఇంకెవరికైనా ఇస్తున్నారా అని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగింది. ఇద్దరు తల దించుకున్నారు.

పేరు తీసేస్తే ఒక చోటు ఖాళీ అవుతుంది. లోకనాథం కిడ్నీ చక్కగా పనిచేస్తోంది. అతన్ని చేర్చుకున్నారు. యాభైయో సీసా కాబట్టి నన్నే అతనికి ఇచ్చారు. ఇచ్చేముందు ఒక అమ్మాయి నా యంత్రాన్ని చెరిపి సున్నాకు తెచ్చింది. ఆ పదకొండు నెలల ఎనిమిది గంటలన్నీ పోయాయి. మూత మీది జీడి మరకలు కూడా స్పిరిట్‌తో రుద్దింది కానీ అవి పోలేదు.

మొదటి రోజు రాత్రి ఎనిమిదికి అతను నన్ను పట్టుకుని దమయంతి దగ్గరికి వచ్చాడు. ఆమె చేతికి గొట్టాలున్నాయి, పక్కన మిషన్ తిరుగుతోంది. అతను మూత తీసి మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లలేకపోయాడు. ఆ చేతిని ఆమె ముందు చాపాడు.

"నువ్వేసుకోప్పా. నీదిది."

"నాకేటికిరా ఇంక? ఒంటిని జోకొట్టి కాపాడ్డానికి లోపలేటుందని?" అంది ఆమె. తర్వాత గొట్టాలు లేని చేత్తో అతని అరచేతిని నోటి వైపు నెట్టింది. "మింగు. బాబుది నీ దగ్గరొక్కటే ఉంది."

లోకనాథం ఏడుస్తూ మింగాడు. నీళ్లు కూడా అడగలేదు. తర్వాత మూత బిగించాడు. నా మూతలో యంత్రం 'ఒకటి' అని రాసుకుంది.