ఎనిమిది దగ్గర ఆగిన హిమోగ్లోబిన్

రిపోర్టులో అంకె చూడగానే జీవరాజుకు నేరం వాసన తగిలింది.

ఆరు వారాల క్రితం ఆయన భార్య కుసుమకుమారి హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ తొమ్మిది. రోజుకో ఐరన్ మాత్ర మింగి, బస్తాడు బీట్‌రూట్ తిన్న తర్వాత ఇప్పుడు ఎనిమిది. పది దాటితే తప్ప గర్భసంచి ఆపరేషన్ చేసేది లేదని కార్ఖానా ఏరియాలో క్లినిక్ నడిపే డాక్టర్ క్యారల్ తెగేసి చెప్పింది. ఆపరేషన్ కాకపోతే లోపలి గడ్డలు నెలనెలా రక్తాన్ని తోడేస్తూనే ఉంటాయి. మౌలాలిలో వాళ్ల ఫ్లాట్ రెండో అంతస్తులో. నలభై తొమ్మిదేళ్ల కుసుమకుమారి ఆ మెట్లు ఎక్కాలంటే దారిలో రెండుసార్లు కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది. ఈ లెక్కన పెరిగితే పది దాటేసరికి ఆవిడ ముసలిదైపోతుంది.

జీవరాజు ముప్పై నాలుగేళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి నిరుడే రిటైరయ్యాడు. బెర్తు కింద దాక్కున్నవాణ్ణి చెప్పుల వాసనతో పట్టుకున్న మనిషి. లోకంలో ఉన్నది రెండే రకాల జనమని ఆయన నమ్మకం. టికెట్ లేనివాళ్లు, టికెట్ లేదని ఇంకా బయటపడనివాళ్లు. అలాంటి మనిషి ఇంట్లో, రోజూ ఆయన కళ్ల ముందే మాత్ర లోపలికి వెళ్తోంది గానీ రక్తానికి చేరడం లేదు. దాన్ని మధ్య స్టేషన్లో ఎవరో దించేస్తున్నారు.

మొదటి అనుమానితుడు మెడికల్ షాపు తిరుమల్. జీవరాజు మాత్రల అట్టలన్నీ కౌంటర్ మీద పరిచి, ఇవి నకిలీవి కావని రుజువేమిటని నిలదీశాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు తమ తమ మాత్రల వంక అనుమానంగా చూసుకోవడం మొదలెట్టారు.

తిరుమల్ నిదానంగా అన్నాడు. "సార్, మేడంకు మోషన్ నల్లగ అయితుందా? అయితే మందు అసలుదే. గా ముచ్చట ఇంటికి పోయి అడగండి. జెర పక్కకు జరగండి, లైన్ పెరుగుతున్నది."

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఎన్నడూ అడగని ప్రశ్న ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాడు జీవరాజు. కుసుమకుమారి కంచం పక్కకు జరిపి, అవునని ఒక్క ముక్కలో చెప్పి లేచిపోయింది. తిరుమల్ నిర్దోషి.

ఇక ల్యాబు. ఆవిణ్ణి ఆటోలో సైనిక్‌పురి దాకా తీసుకెళ్లి ఇంకోచోట రక్తం తీయించాడు. అక్కడా ఎనిమిదే. అసలే లేని రక్తంలోంచి ఒక సీసా అనవసరంగా పోయిందని కుసుమకుమారి అంది. దర్యాప్తు అన్నాక కొంత నష్టం తప్పదని ఆయన సర్దిచెప్పాడు.

తిండి విషయంలో ఆయనకు అనుమానమే లేదు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది, రక్తమూ ఎర్రగా ఉంటుంది, కనుక అదే ఇది. ఈ సిద్ధాంతం ప్రకారం ఆ ఇంట్లో వేపుడు, పెరుగుపచ్చడి, చపాతీ, చివరికి ఉప్మా కూడా ఎర్రబడ్డాయి. పై ఫ్లాట్ కమలాబాయి చూసి చూసి ఒకరోజు ఆగలేకపోయింది.

"అన్నా, రంగు చూసి రక్తం రాదు. ఆమెకు కలేజీ ఫ్రై పెట్టు, తోటకూర పెట్టు, మీద నిమ్మకాయ పిండు. గా బీట్‌రూట్‌తోని పరేషాన్ చేస్తున్నవ్."

మేక కార్జం వండే ఆవిడ వైద్యం చెప్పడమేమిటని జీవరాజు నవ్వుకున్నాడు. కమలాబాయి పేరు అనుమానితుల జాబితాలో చేరలేదు గానీ, అంచుల దాకా వచ్చింది.

మిగిలింది కుసుమకుమారి. మాత్ర మింగుతున్నట్టు నటిస్తోందేమో. ఆ ఆలోచన రాగానే ఆయన పకడ్బందీ ఏర్పాట్లు చేశాడు. మాత్రల అట్ట తన బీరువాలోకి మారింది. ఉదయం ఆరింటికి ఆయన స్వహస్తాలతో చిక్కగా, అల్లం దంచి, పాలు దండిగా పోసి పెట్టే టీతో పాటు సాసర్లో మాత్ర రావడం ముందునుంచీ ఉన్నదే. ఆ టీ గురించి చెప్పాలి. రిటైరయ్యాక ఇంటి పనుల్లో ఆయన అందుకున్న బాధ్యత అదొక్కటే. దాని గురించి మాట్లాడే తీరు చూస్తే మాత్రం ఇల్లంతా ఆయనే నడుపుతున్నాడనుకోవాలి. ఇప్పుడు కొత్తగా, మొదటి గుక్కతో ఆవిడ మాత్ర మింగేదాకా మంచం పక్కనే నిలబడసాగాడు. ఐదో రోజుకు అదీ చాలదనిపించింది.

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

ఆవిడ ఎత్తింది. మాత్ర లేదు. ముద్దాయి విడుదల.

అలా చేతిలో ఒక్క నేరస్థుడూ మిగలకుండానే జీవరాజు ఫైలు పట్టుకుని డాక్టర్ క్యారల్ ముందు కూర్చున్నాడు. మాత్రలు అసలువని, ల్యాబు తప్పు లేదని, పేషెంటు మింగుతోందని వరసగా వివరించి, ఇక వైద్యం మీదే అనుమానం మిగిలిందని మర్యాదగా ముగించాడు. డాక్టర్ ఆయన్ని వదిలేసి కుసుమకుమారి వైపు తిరిగింది.

"టాబ్లెట్ దేంతోని వేసుకుంటున్నరమ్మా?"

సమాధానం ఆయనే చెప్పాడు. "టీతోనండీ. టంచనుగా ఆరింటికి. నేనే పెట్టి ఇస్తాను."

డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రాజు గారూ, చాయ్ ఐరన్‌ను పట్టుకుంటది, బ్లడ్‌లకు పోనియ్యదు. పాలు సుత అంతే. ఫస్ట్ డే నేను చెప్తుంటే మీరు నా డిగ్రీ ఏ కాలేజీది అని అడుగుతుండె. అందుకే మందుల చీటీ వెనక రాసి ఇచ్చిన. తిప్పి చూడలేదా?"

జీవరాజు చీటీ తిప్పాడు. పరగడుపున నిమ్మరసంతో వేసుకోవాలనీ, టీ కాఫీ పాలకు రెండు గంటల ఎడం ఉండాలనీ అక్కడ స్పష్టంగా ఉంది. కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు ప్రతి టికెట్టూ వెనక్కి తిప్పి చూసిన మనిషి, ఈ ఒక్కదాన్ని తిప్పలేదు. రక్తానికి వెళ్లే ఐరన్‌ను ఆరు వారాలకు పైగా దారిలో దించేస్తున్న దొంగ, అల్లం దంచి మరీ దించాడు.

ఆటో ఎక్కాక జీవరాజు చీటీని మళ్లీ రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ ఎదురుదాడికి దిగాడు. "చీటీ నువ్వయినా చూడాల్సింది కుసుమా."

"రెండో ల్యాబుకు వెళ్లొచ్చిన రోజే చూశాను."

"మరి చెప్పవేం?"

"నేను చెబితే సాక్ష్యం అడుగుతారు. పైగా టీ వద్దంటే అలిగి మానేస్తారు. ఇరవై ఆరేళ్లకు నా చేతికి ఒక కప్పు వచ్చింది, దాన్ని ఎక్కడ పోగొట్టుకోను?" ఆవిడ కాస్త ఊపిరి తీసుకుంది. "అందుకే మాత్ర నాలుక కింద దాచి, మీరు వెళ్లాక నిమ్మరసంతో మింగుతూ వచ్చాను. నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు నుంచి నాలుక ఎత్తమన్నారు. మధ్యాహ్నం ఇంకోటి వేసుకుందామంటే అట్ట బీరువాలో పెట్టి తాళం వేశారు."

ఆటో డ్రైవర్ అద్దంలోంచి జీవరాజు వంక చూశాడు. ఆయన రోడ్డు పక్క బోర్డులు శ్రద్ధగా చదవసాగాడు.

మర్నాటి నుంచి ఆరింటికి నిమ్మరసంతో మాత్ర, ఎనిమిదిన్నరకు టీ. రెండూ ఆయనే ఇచ్చాడు. ఇచ్చి, నోరు చూడకుండా వెళ్లిపోయాడు. రక్తస్రావం తగ్గడానికి డాక్టర్ వేరే మాత్ర రాసింది. ఇంట్లోంచి బీట్‌రూట్‌ను బహిష్కరించారు. వారానికి రెండుసార్లు కార్జం వేపుడు, మిగతా రోజులు తోటకూర, మునగాకు. ఎలా వండాలో అడగడానికి జీవరాజే పై ఫ్లాట్‌కు వెళ్లాడు. కమలాబాయి ఆయన్ని గుమ్మంలోనే పది నిమిషాలు నిలబెట్టి, చెప్పిందే మూడుసార్లు చెప్పింది.

ఐదు వారాలకు రిపోర్టు వచ్చింది. పది పాయింట్ రెండు.

డాక్టర్ క్యారల్ వచ్చే గురువారం ఆపరేషన్ పెట్టింది. కుసుమకుమారి రిపోర్టు కాగితం భర్త ఫైల్లోకి పోనివ్వకుండా తన హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది. ఈసారి జీవరాజు నోరు మూసుకుని, డాక్టర్ చెప్పేదంతా సొంత చేత్తో రాసుకుంటున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఆవిడ బరువులెత్తకూడదని, వంటింట్లో నిలబడకూడదని డాక్టర్ అనగానే పెన్ను ఆగింది.

ఆయన భార్య వైపు వంగి గొంతు తగ్గించాడు. "కుసుమా, పప్పుకు ఎన్ని విజిల్స్?"

"ముందు కుక్కర్ ఏ అరలో ఉంటుందో తెలుసా?"

ఆయనకు తెలియదు. గురువారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.