మోకు పట్టిన చోట

దౌల్తాబాద్ నుంచి సిద్దిపేట పోయే పొద్దుటి బస్సు పూర్తిగా ఆగకముందే కర్ణాకర్ కిటికీలోంచి దస్తీ విసిరాడు. నీలిగళ్ల దస్తీ వెళ్లి డ్రైవరు వెనక సీట్లో పడింది. ఆ తర్వాత అతనికి తొందర లేదు. ఆడవాళ్లను ఎక్కనిచ్చాడు, పాలక్యాన్లను ఎక్కనిచ్చాడు, ఆఖరున నింపాదిగా ఎక్కి తన దస్తీ తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ దారిలో దస్తీకున్న విలువ రిజిస్ట్రీ కాగితానికి కూడా లేదు. పొలం గెట్టు పంచాయితీలో అన్న తల పగలగొట్టినవాడు కూడా దస్తీ పడిన సీటు జోలికి పోడు.

యాభైకి చేరువైన మనిషి. పొట్టిగా, పలచగా ఉంటాడు. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చోవడంతో మెడ ముందుకు వంగింది. కుడి మణికట్టు కింద, మౌసు పట్టేటప్పుడు బల్లకి ఒరుసుకునే చోట, నల్లటి కాయ కాసింది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు టెస్టర్ ఉంటుంది. డిగ్రీ రెండో ఏడుతోనే చదువు ఆపి, సిద్దిపేటలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక దాన్ని మూసి, ఊరి చివర ఉన్న చిన్న పరిశోధన కేంద్రంలో కాంట్రాక్టు ఆపరేటర్‌గా చేరాడు. వానమీద ఆధారపడే పంటల గురించి అక్కడ పరిశోధిస్తారు. ఇంటికొచ్చిన చుట్టాలు ఏం పని చేస్తావని అడిగితే "కంప్యూటర్ల కాడ ఉంట" అంటాడు. అబద్ధం కాదు, అలాగని నిజమంతా కూడా కాదు.

కంప్యూటర్ తెరవగానే అన్నిటికంటే ముందు లేచి మిగతా పనులన్నిటినీ నడిపించేది ఆపరేటింగ్ సిస్టం. కొనుక్కునేవి ఉన్నాయి. ఎవరైనా విప్పి చూసి, మార్చుకుని, ఊరికే వాడుకోగలిగేవీ ఉన్నాయి. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి ప్రపంచానికి వదిలేసిన అలాంటి ఒకదాన్ని తెచ్చుకుని, కర్ణాకర్ ఈ కేంద్రంలోని పరిశోధకుల కొలతకు కోసి కుట్టాడు. ఎవరూ చెయ్యమనలేదు. పాత కంప్యూటర్లు కొత్త సిస్టం బరువు మోయలేక ఆగిపోతుంటే చూడలేక మొదలుపెట్టాడు. ఆ తర్వాత మానలేకపోయాడు.

అతని పద్ధతి ఒక ఇనుప స్టూలు. ఏ పరిశోధకుడికి సిస్టం చెయ్యాలో ఆయన వెనక స్టూలు వేసుకుని రోజంతా కూర్చుంటాడు. చెయ్యి ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ విసుక్కుంటోంది చూస్తాడు. నడుమ నడుమ "గిప్పుడేం జేస్తున్నరు సార్?" అని ఒక్క మాట అడుగుతాడు. మొదట్లో అందరూ ఇబ్బంది పడ్డారు. మంగలి కత్తి మెడ మీద ఉన్నట్టుందని పురుగుల శాస్త్రవేత్త శైలేందర్ అన్నాడు కూడా.

అంత చూసీ ఒకసారి చెయ్యరాని పని చేశాడు. డిస్కులో జాగ లేదని శైలేందర్ ఫొటోల్లో ఒక్క పురుగూ లేని తెల్లగుడ్డ ఫొటోలన్నీ తుడిచేశాడు. పొలంలో దీపం పెట్టి వెనక గుడ్డ కడితే పురుగులు వచ్చి వాలతాయి, వాటిని ఫొటో తీస్తారు. వాలని రోజు ఫొటో దేనికని ఇతని లెక్క. శైలేందర్ తిట్టలేదు. తల పట్టుకుని కూర్చుని, "పురుగు రాలేదన్నది కూడ లెక్కనే కదనే," అన్నాడు. కర్ణాకర్ ఆ రోజు అన్నం తినలేదు. కానీ ఆ మాట అతన్ని పట్టుకుంది. ఏమీ జరగకపోవడాన్ని కూడా రాసిపెట్టుకునే మనుషులుంటారని అతనికి అంతవరకూ తెలియదు. తెలిశాక వాళ్ల మీద ఇష్టం పెరిగింది.

ఈ మధ్య ఆ స్టూలు సింధుజ వెనకే ఉంటోంది. ఎర్రమట్టిలో వాన నీళ్లు ఎంత లోతుకి దిగుతాయి, ఎన్నాళ్లు నిలుస్తాయి అన్నది ఆమె పరిశోధన. జిల్లాలోని ఊళ్ల మట్టి, వాన, ఎండ అన్నీ కంప్యూటర్‌కి ఇచ్చింది. అది ఊరి తర్వాత ఊరు లెక్క కట్టుకుంటూ పోవాలి. చింతమడకతో మొదలై మర్కూక్ మీదుగా వెళ్లి దౌల్తాబాద్‌తో ముగియాలి. రోజుల తరబడి నడిచే లెక్క. కానీ అది ఒక్కసారి కూడా మర్కూక్ దాటలేదు, ఎందుకంటే సాయంత్రం బాలలక్ష్మి కరెంటు మెయిన్ ఆపేస్తుంది.

బాలలక్ష్మి గదులు ఊడ్చి, తాళాలు వేసే మనిషి. ఒకప్పుడు షార్ట్ సర్క్యూట్ అయి విత్తనాల గది కాలింది. అప్పటినుంచి పోయే ముందు మెయిన్ ఆపాలని పెద్దసారు ఆర్డరు. ఆమె దాన్ని దీపారాధనలా పాటిస్తుంది. ఒక్క ఈ గదికైనా వదిలెయ్యమని కర్ణాకర్ బతిమాలితే ఆమె తేల్చి చెప్పింది.

"కాలితే నన్నడుగుతరు తమ్మీ. నడిస్తే నన్నెవలడుగుతరు?"

అందుకే ఆమె చేతిని మార్చడం మాని, సిస్టాన్ని ఆ చేతికి తగ్గట్టు మార్చాలనుకున్నాడు. మెయిన్ పడగానే, కంప్యూటర్ పక్కనుండే బ్యాటరీ మీద నడిచే ఆ కాసేపట్లోనే, జరుగుతున్న లెక్కనంతా ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకోవాలి. పొద్దున కరెంటు రాగానే ఆగిన చోటినుంచి అందుకోవాలి. దీనికి మోకు అని పేరు పెట్టుకున్నాడు.

అతని నాయిన కల్లుగీసేవాడు. చెట్టుకీ నడుముకీ కలిపి కట్టుకునే మోకు తాడుని ఎవరి నడుముకి వారే సరిచూసుకుంటారు. ఒకరి మోకుతో ఒకరు చెట్టెక్కరు. కర్ణాకర్ చిన్నప్పుడు ఒకరోజు నాయిన తాటిచెట్టు సగంలో కళ్లు తిరిగి చేతులు వదిలేశాడు. మోకు పట్టింది. కింద నిలబడి పిల్లవాడు గొంతు పోయేలా ఏడుస్తుంటే, కాసేపటికి నాయిన తెలివి తెచ్చుకుని, కిందికి చూసి, మళ్లీ పైకే ఎక్కాడు. దిగి వచ్చాక అడిగితే, కల్లు దించకుండా దిగుడేందిరా అన్నాడు. ఆ మాట కర్ణాకర్‌కి అప్పుడు అర్థం కాలేదు.

ఇంతచేసీ మోకు సింధుజ లెక్కను పట్టడం లేదు. సాయంత్రం దాచుకుంటోంది, పొద్దున లేస్తోంది, లేచి మళ్లీ చింతమడక నుంచే మొదలుపెడుతోంది. వారాలుగా ఇదే తంతు. ఆ పొద్దున కర్ణాకర్ గదిలోకి అడుగుపెట్టేసరికి సింధుజ తెర ముందు చేతులు కట్టుకుని ఉంది. తెర మీద చింతమడక.

ఆమెకిచ్చిన గడువు ఈ ఎండాకాలంతో సరి. ఆలోపు లెక్క పూర్తికాకపోతే మూడేళ్లు మోసిన మట్టి మట్టిగానే మిగులుతుంది. ఆమె గొంతు పెంచలేదు.

"రేపు పొద్దున కూడ మొదటికొస్తే నేను హైదరాబాద్ పోత అన్నా. ఆడ వేరేటోళ్ల మిషన్ల మీద వంతు కోసం కూసుంట. నీ కష్టం నాకు తెల్వక కాదు."

"ఇయ్యాల ఒక్కరోజు చూస్త మేడం," అన్నాడు కర్ణాకర్. అన్నాక, మనసులో ఎన్నాళ్లుగానో ఉన్నది అడిగాడు. "గా లెక్క దౌల్తాబాద్ దాకా పోతే, మా చెలుక సంగతి గూడ తెలుస్తదా?"

తెలుస్తుందని ఆమె చెప్పింది. నాయిన పోయాక ఆ మెట్ట చెలుకలో ఏమేసినా ఎండిపోయింది. పక్క చెలుకలో పండేది ఇందులో ఎందుకు పండదో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఒకాయన వాస్తు కూడా చెప్పాడు. మట్టి ఏమంటుందో వినాలని కర్ణాకర్‌కి ఉంది.

స్టూలు లాక్కుని పొద్దంతా తను రాసినదాన్నే వరసగా చదివాడు. దాచుకోవడం సరిగానే ఉంది. మేలుకోవడమూ సరిగానే ఉంది. ఎడమ భుజం లాగుతుంటే బస్సు కడ్డీ పట్టుకుని కూర్చున్నందుకనుకున్నాడు. ఛాతీలో మంట పుడితే గ్యాస్ అనుకుని బయటికెళ్లి సోడా తాగొచ్చాడు. మన దగ్గర గుండెకు వచ్చే సగం రోగాలకు గ్యాస్ అనే పేరు.

మధ్యాహ్నం వరండాలో బాలలక్ష్మి, అతనూ గిన్నెలు విప్పుకున్నారు. రోజూ కూరలు మార్చుకోవడం అలవాటు. ఆమె పప్పుచారు ఒక ముద్ద తిని అతను మొహం చిట్లించాడు.

"ఏందక్కా, సముద్రం తెచ్చి పోసినవా?"

బాలలక్ష్మి నవ్వి తన కోడలి సంగతి చెప్పింది. ఈమె ఉప్పు వేసి నీళ్లకు పోయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే చూసి, అత్త వెయ్యలేదనుకుని కోడలు మళ్లీ వేసింది. ఇద్దరిదీ తప్పు కాదు, ఒకరినొకరు అడగకపోవడమే తప్పు.

కర్ణాకర్ చేతిలోని ముద్ద అలాగే ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లాడు. కొత్తలో, మోకుకి మోకు అనే పేరు కూడా లేనప్పుడు, పరిశోధకులకు శ్రమ తగ్గుతుందని మర్యాదకొద్దీ ఒక ప్రోగ్రాం ముక్క రాసిపెట్టాడు. కంప్యూటర్ లేవగానే ఎవరూ చెప్పకపోయినా లెక్క మొదలుపెట్టాలని. ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది. మోకు లేచి సగం లెక్కను చేతికందిస్తోంది, వెనకనే ఈ ముక్క లేచి మొదటినుంచి కొత్తది మొదలుపెడుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కర్ణాకర్ పట్టాడు, పట్టి తనలో తనే నవ్వుకున్నాడు. సగంలో ఉన్న పని ఏదైనా ఉందా అని ముందు అడగమని, లేకపోతేనే కొత్తది మొదలుపెట్టమని మార్చి రాశాడు. మూలనున్న పాత కంప్యూటర్లో చిన్న లెక్కతో చూస్తే మోకు పట్టింది. సింధుజది పెద్ద లెక్క. దాని సంగతి బాలలక్ష్మి చేతిలో తేలాలి.

సాయంత్రానికి తెర మీద లెక్క మర్కూక్‌లో నడుస్తోంది. సింధుజ ఆశ పెట్టుకోవడానికి భయపడుతున్నట్టు తెరను చూసి వెళ్లిపోయింది. బాలలక్ష్మి తాళాలగుత్తితో వచ్చి, రోజూ అన్నట్టే, "బంద్ చేస్తున్న తమ్మీ," అంది. కర్ణాకర్ కానిమ్మన్నాడు. మెయిన్ పడింది. ఫ్యాన్లు నెమ్మదించాయి. బ్యాటరీ కూత పెట్టింది, డిస్కు కాసేపు గరగరలాడింది, తెర నల్లబడింది.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. స్టూలు తెచ్చి సింధుజ కంప్యూటర్ ముందు, ఆమె కుర్చీ పక్కనే వేశాడు. జేబులోంచి దస్తీ తీసి దాని మీద పరిచాడు.

"రేపు దీనిమీద ఎవలు కూసోవద్దు అక్కా. అది లేచినంక ముందు ఏ ఊరి పేరు వస్తదో నేను చూడాలె."

"గీడ బస్సేమన్న ఉన్నదా!" అని బాలలక్ష్మి నవ్వింది. కానీ స్టూలు జరపకుండా దాని చుట్టూ ఊడ్చింది.

ఇంటికెళ్లాక కర్ణాకర్ భార్య పద్మమ్మకి ఉప్పు పప్పు కథ చెప్పాడు. పొద్దున మొదటి బస్సుకే పోవాలన్నాడు. అలసటగా ఉందని తొందరగా పడుకున్నాడు. తెల్లవారి లేపితే లేవలేదు.

ఆ కబురు ఇంకా సిద్దిపేట చేరలేదు. బాలలక్ష్మి గది తెరిచి మెయిన్ లేపింది. సింధుజ నిలబడే చూస్తోంది. డిస్కు గరగరలాడింది, తెర తెల్లబడింది, మట్టిరంగు పట్టీ మీద అక్షరాలు వచ్చాయి. మర్కూక్. సింధుజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కర్ణాకరన్న ఇంకా రాలేదేమని అడిగింది. బస్సు లేటయి ఉంటుందని బాలలక్ష్మి చెప్పింది. ఆ తర్వాత కాసేపటికి ఫోను మోగింది.

గదిలో లెక్క ఆగలేదు. ప్రతి సాయంత్రం బాలలక్ష్మి మెయిన్ దగ్గర నిలబడి, ఎవరూ లేని గదిలోకి చూసి, "బంద్ చేస్తున్న తమ్మీ," అని ఆపింది. ఒక్క రోజు కూడా ఆ మాట చెప్పకుండా ఆపలేదు. ప్రతి పొద్దునా ఆగిన ఊరి నుంచే అది లేచింది. శైలేందర్ వచ్చి నిలబడి చూసిపోయాడు. పెద్దసారూ నిలబడే చూశాడు.

ఒక మధ్యాహ్నం తెర మీద దౌల్తాబాద్ అని వచ్చింది. సింధుజ కుర్చీని కొంచెం పక్కకి జరిపి, స్టూలుకి తెర బాగా కనబడేలా కూర్చుంది. ఫ్యాను గాలికి నీలిగళ్ల దస్తీ ఒక అంచు లేచి, మళ్లీ స్టూలు మీద సర్దుకుంది.