ప్రార్థన అంశం

ఆ ఆదివారం కూడా డయానాకి జ్వరం వచ్చింది. వచ్చిందంటే నిజంగా వచ్చిందని కాదు, వచ్చిందని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు పొయ్యి దగ్గర నిలబడి కోడికూరలో కారం వేస్తోంది. జ్వరమొచ్చిన మనిషి తెల్లారకముందే లేచి, కోడికి ఉప్పూ పసుపూ పట్టించి, అల్లం వెల్లుల్లి నూరి కూర వండటం వింతగా ఉందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. జ్వరం వస్తే ఆడదానికి చర్చి నుంచి సెలవు దొరుకుతుంది గానీ వంటింటి నుంచి దొరకదు. డయానా ఈ సంగతి ముందే చూసుకుని అబద్ధమాడింది కాబట్టి పెద్దగా నొచ్చుకోలేదు.

జయపాల్ ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి భార్య నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఒళ్లేం వేడిగా లేదే?"

"లోపల్లోపల కాస్తోందండీ."

"సరే, మాత్ర వేసుకుని పడుకో. మేమొచ్చే ముందు అన్నం పెట్టేస్తే వేడిగా ఉంటుంది."

అత్తగారు మణెమ్మ బైబిలు సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో ఆగింది. ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. "ఐదో వారం ఇది. ఈ జ్వరం ఆదివారమే చూసుకుని వస్తోందే," అంది.  డయానా అత్తగారి ముఖం చూడకుండా గరిటె తిప్పుతూ ఉండిపోయింది. కూతురు చిన్నిని ఎక్కించుకుని స్కూటరు సందు మలుపు తిరిగిన చప్పుడు వినబడ్డాక పొయ్యి ఆపి, పడకగదిలోకి పోయి, మంచం కింద పాత దుప్పటి చుట్టి దాచిన బొమ్మల్ని బయటికి లాగింది.

డయానా భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. పెళ్లికి ముందే బి.ఏ. చదివింది, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసింది, వేసవి ట్రైనింగు సర్టిఫికెట్టు తెచ్చుకుంది. వాటితోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. సంక్రాంతి సెలవులయ్యాక ప్రిన్సిపాల్ మేడమ్ ఆమెను పిలిచి, ఎప్పుడూ లేనిది కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. ఆ టీ చూసినప్పుడే డయానాకి ఏదో మూడిందని అర్థమైంది. "ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేనివాళ్లని ఆర్ట్ టీచర్‌గా చూపించొద్దని ఇన్‌స్పెక్షన్‌లో రాసిపోయారు డయానా గారూ. జూన్ నుంచి హర్షవర్ధన్ అని ఒకబ్బాయి వస్తున్నాడు. మీరు అతనికి అసిస్టెంటుగా ఉందురుగాని. పనంతా మీకు అలవాటేగా. మీరు ఏదైనా కోర్సులో చేరితే మాత్రం చెప్పండి, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి మీ పోస్టు మీకే ఉంచుతాను." పని అలవాటే. నిజమే. వార్షికోత్సవానికి స్టేజి వెనక పరదా మొత్తం ఒక్కతే వేయడం అలవాటే, సైన్సు మాస్టారికి గుండె బొమ్మ, సోషల్ టీచరుకి గోదావరి పాయలు వేసిపెట్టడం అలవాటే. పోటీలకి పంపే పిల్లల బొమ్మలకి ఫినిషింగ్ ఇమ్మంటే సగం బొమ్మ తనే వేసి, ఆ మెడల్ ఆఫీసు గది అద్దాల బీరువాలో పిల్లవాడి పేరుతో మెరుస్తుంటే చప్పట్లు కొట్టడమూ అలవాటే. పని తనదీ, పోస్టు కుర్రాడిదీ అవుతుందన్నమాట. జీతం సంగతి ఆవిడ చెప్పలేదు, డయానా అడగలేదు. ఆ కుర్రాడు తన బల్ల దగ్గర కూర్చుని "మేడమ్, కాస్త రంగులు కలిపి పెట్టండి" అంటున్నట్టు ఊహించుకుంటేనే ఆమెకి ముద్ద దిగలేదు.

ఉద్యోగం చేసే టీచర్ల కోసం యూనివర్సిటీలో రెండేళ్ల కోర్సు ఉందని తెలిసింది. ఆదివారాలూ, వేసవి సెలవుల్లోనూ క్లాసులు. కృష్ణ మీది వారధి దాటి బస్సులో గంట ప్రయాణం. అదే వారం భోజనాల దగ్గర డయానా ఆ మాట ఎత్తింది. "బొమ్మలు వేయడం నీకు వచ్చుగా, వచ్చినదానికి మళ్లీ చదువేంటి?" అన్నాడు జయపాల్. థర్మల్ పవర్ స్టేషన్ ఉద్యోగంలో ప్రమోషన్ కోసం ఆయన డిపార్ట్‌మెంటు పరీక్ష రాసిన ఏడాది ఇంట్లో మిక్సీ వేయనివ్వలేదు. చిన్ని ఏడిస్తే దాన్ని చంకనేసుకుని మేడ మీదికి పోయి ఎండలో తిరిగింది డయానా. మణెమ్మ కొడుకు కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. ఆయనకీ అప్పటికి ఆ పని వచ్చినదే. ఇదంతా డయానా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఎదురు మాట అంటే చదువు పేరెత్తగానే నోరు లేచిందంటారని మింగేసింది. "ఆదివారం దేవుడిదమ్మా. అది కూడా యూనివర్సిటీకి ఇచ్చేస్తావా?" అంది మణెమ్మ. దేవుడి దినాన పాస్టరుగారితో సహా వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించేది మాత్రం డయానాయే. చివరికి "చూద్దాంలే" అని ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే ఇక ఆ మాట ఎత్తొద్దని.

డయానా ఎత్తలేదు. చెప్పకుండా దరఖాస్తు పెట్టేసింది. పెట్టిన రోజు నుంచీ ఫోను మోగితే యూనివర్సిటీ వాళ్లేమో, ఆయన ముందు ఎత్తాలేమోనని భయం. అసలు భయం తర్వాత వచ్చింది. ఇంటర్వ్యూకి సొంతంగా వేసిన పది బొమ్మలు, ఫొటోలు కాదు అసలువే, పట్టుకురమ్మన్నారు. పది బొమ్మలు. పెళ్లయ్యాక వారం వారం బొమ్మలు వేస్తూనే ఉన్న మనిషికి అదొక లెక్కా అనుకుని నవ్వుకుంది. తర్వాత ఇల్లంతా వెతికితే ఒక్కటీ లేదు. స్కూలు పరదాల మీద మరుసటేడు కొత్త బొమ్మ తనే పూసేసింది. పిల్లల బొమ్మలు పిల్లలవి. చర్చిలో ప్రతి కొత్త సంవత్సరానికీ పాస్టరుగారు చెప్పే వాగ్దాన వచనాన్ని వేదిక వెనక గోడ మీద రాయడం ఆచారం. ఆ వచనం చుట్టూ ద్రాక్షతీగలూ, గొర్రెపిల్లలూ, కృష్ణ ఒడ్డున పూసే రెల్లూ వేసేది డయానా. అడుగున "స్త్రీల సమాజం వారి కానుక" అని రాసేదీ ఆమే. డిసెంబరు నెలాఖరుకి పెయింటరు వచ్చి దాని మీద సున్నం కొట్టేస్తాడు, ఆమె మళ్లీ కొత్తది మొదలుపెడుతుంది. ఇన్నేళ్ల తన పనంతా ఒకదాని మీద ఒకటి ఆ సున్నం కింద ఉందని అప్పుడే తట్టింది. ఆ పూట కుక్కరు ముందు నిలబడి ఏడ్చింది. నిజంగా ఏడ్చింది.

అందుకే ఈ జ్వరాలు. మొదటి ఆదివారం తెల్లటి కాన్వాసు బోర్డు ముందు కూర్చుంటే ఏం వేయాలో తోచలేదు. ఎవరూ చెప్పకుండా ఆమె ఎప్పుడూ ఏమీ వేసి ఎరగదు. లేచి టీ పెట్టుకుందామని పోతూ పడకగదిలో ఆగింది. మంచం మీద జయపాల్ విసిరేసిపోయిన తడి తువ్వాలు ఉంది. అది కనబడగానే చెయ్యి దానంతటదే చాచుకుంది, ఇన్నేళ్ల అలవాటు. ఆ రోజు చేతిని వెనక్కి తీసుకుంది. తువ్వాలు కింద దుప్పటి మీద తడి మెల్లగా పాకుతోంది. అంత అందంగా పాకుతుందని ఆమెకి తెలియదు, ఎప్పుడూ పాకనివ్వలేదు కదా. అదే మొదటి బొమ్మ. తర్వాత టీపాయ్ మీద తాగి వదిలేసిన కప్పులు, షేవింగ్ మగ్గు, తిరగేసి విడిచిన సాక్సు, చిన్ని తన కంచంలో ఏరి పక్కన పెట్టిన కరివేపాకు. వాళ్లు చర్చిలో ఉన్నంతసేపూ ఇల్లు సర్దకుండా బొమ్మలు వేసేది. వాళ్లొచ్చేలోగా పరుగు పరుగున సర్దేది. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూడిక ఇంకో గంట ఉంటుంది, ఆ ధైర్యం ఒకటి.

ఇంటర్వ్యూ గురువారం. ఇవాళ పదో బొమ్మ అయిపోవాలి. అత్తగారి మంచం పక్క స్టూలు మీద మూత పెట్టని కొబ్బరినూనె సీసా, సగం తాగిన నీళ్ల గ్లాసు, దువ్వెన, దువ్వెన పళ్లలో చుట్టుకున్న తెల్ల వెంట్రుకలు. ఆ స్టూలుని ఉన్నదున్నట్టే వెలుతురుకని బట్టలారేసే వెనక వరండాలోకి మోసుకొచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎండకి రంగులు కలుపుకునే పలకలోనే ఆరిపోతున్నాయి, మాటిమాటికీ నీళ్లు చిలకరించాల్సి వస్తోంది. వెంట్రుకల దగ్గరికి వచ్చేసరికి డయానాకి మనసు అదోలా అయింది. ఈవిడ కూడా ఎవరెవరివో తువ్వాళ్లు తీసీ తీసీ ఇక్కడిదాకా వచ్చిన మనిషే అనిపించింది. గడియారం వైపు చూడటం మర్చిపోయింది.

గేటు తీసిన చప్పుడైంది. ఒక చప్పుడు కాదు, బోలెడు చెప్పుల చప్పుడు. "వందనాలమ్మా డయానా, పడుకున్నావా?" అంటూ ఏస్తేరమ్మ గారి గొంతు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, స్త్రీల సమాజంలో అందరికంటే పెద్దావిడ. జరిగింది ఇదీ. ఎవరికేం కావాలో చెప్పుకునే ప్రార్థన అంశాల సమయంలో జయపాల్ లేచి, మా ఇంటావిడకి ఐదు వారాలుగా జ్వరం తగ్గట్లేదు, అందరూ ప్రార్థించండి అని చేతులు జోడించి మరీ చెప్పాడు. దాంతో ఇవాల్టి కూడిక డయానా ఇంట్లోనే పెట్టుకుందామని సమాజం మొత్తం బయల్దేరింది. తమ చర్చిలో జబ్బు పేరు చెబితే జనం ఇంటికొస్తారన్న సంగతి, తను కూడా ఎందరిళ్లకో అలా వెళ్లిన సంగతి, డయానాకి అబద్ధమాడేటప్పుడు గుర్తే రాలేదు.

దాచడానికి టైము లేదు. వరసగా చూసుకుందామని గోడకి ఆనించిన తొమ్మిది బొమ్మలూ, చేతిలో బ్రష్షూ, ముక్కు మీద రంగూ. పదిమంది ఆడవాళ్లు వరండా గుమ్మంలో కుక్కుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక జయపాల్. ఏస్తేరమ్మ గారు ముందుకొచ్చి డయానా మణికట్టు పట్టుకుంది. కాసేపు నాడి చూసి, "జ్వరం లేదు. గుండె మాత్రం గబగబా కొట్టుకుంటోంది," అంది.

ఒకావిడ తడి తువ్వాలు బొమ్మ దగ్గర వంగి, "ఇది మా ఆయన తువ్వాలులాగే ఉందే," అంది మెల్లగా. "మా వాడిది కూడా మంచం మీదే," అంది ఇంకొకావిడ. ఎవరో నవ్వి, మణెమ్మ ముఖం చూసి ఆపేసుకున్నారు. మణెమ్మ దువ్వెన బొమ్మనే చూస్తోంది. "ఇంట్లో విడిచిన గుడ్డలూ, నా తల వెంట్రుకలూ... పదిమందికీ చూపించడానికా?" అంది. కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది ఆ గొంతులో. జయపాల్ ముఖం ఎర్రబడింది. "చర్చి మొత్తం ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు డయానా," అన్నాడు.

డయానా బ్రష్షు కింద పెట్టింది. అది నిజం. ఆయన్ని నవ్వులపాలు చేసింది.

"ముందు కూర్చోండి అందరూ," అంది ఏస్తేరమ్మ. "ప్రార్థన చేయడానికి వచ్చాం, చేసే పోదాం. అంశం ఏంటో చెప్పమ్మా."

అంశం అడగకుండా వాళ్లు ప్రార్థన మొదలుపెట్టరు. చెప్పిన అంశాన్ని కాదనీ అనరు. అప్పు తీరాలన్నా, బదిలీ రావాలన్నా, మొగుడు తాగుడు మానాలన్నా, చెప్పింది చెప్పినట్టు దేవుడి ముందు పెట్టడమే. డయానా ఒక్క క్షణం ఆలోచించింది. నీరసం అనొచ్చు. తలనొప్పి అనొచ్చు. ప్రార్థన చేసి, కోడికూరతో అన్నం తిని వెళ్లిపోతారు. మిగతాది ఇంట్లో ఎలాగో సర్దుకోవచ్చు. కానీ సీటొస్తే? రెండేళ్లపాటు ఆదివారం ఆదివారం జ్వరం రావడం ఏ మనిషికీ కుదరదు.

"నాకు జ్వరం లేదండీ. ఐదు వారాల నుంచీ లేదు, అబద్ధం చెప్పాను," అంది. "గురువారం యూనివర్సిటీలో ఇంటర్వ్యూ ఉంది. సీటొస్తే రెండేళ్లు చదువు. ఆదివారాలు నేను చర్చికి రాను, ఇంట్లో కూడా ఉండను. సీటు రావాలని ప్రార్థన చేయండి."

"ఇవన్నీ ఇక్కడెందుకు, మనం మనం ఇంట్లో మాట్లాడుకుందాం," అన్నాడు జయపాల్.

"ఇంట్లో మాట్లాడితే చూద్దాంలే అంటారండీ."

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఏస్తేరమ్మ కొంగు తల మీద కప్పుకుంది. "అంశం చెప్పాక ప్రార్థించకుండా లేవకూడదు. మణెమ్మా, నీ కోడలు. ప్రార్థన నువ్వే ఎత్తుకో."

కాదనడానికి మణెమ్మకి దారి లేదు. పదిమందీ కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె కూడా కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం. నీ బిడ్డ డయానాను నీ సన్నిధిలో పెడుతున్నాం. అబద్ధం చెప్పినా నీ ముందు ఒప్పుకుంది, క్షమించు తండ్రీ." స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ. మణెమ్మ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. "ఆమె... ఆమె చదువుకోవాలని ఆశపడుతోంది. ఆ సీటు నీ బిడ్డకు అనుగ్రహించు తండ్రీ." అవును తండ్రీ అన్నారు ఆడవాళ్లు, ఈసారి కాస్త గట్టిగా.

డయానా ఒక్కతే కళ్లు తెరిచి ఉంది. అత్తగారి ప్రార్థనలు ఆమెకి కొత్త కాదు. మొదటి సగంలో అడిగింది అడిగినట్టే ఉంటుంది. తర్వాత ఊపిరి తీసుకుని "అయినను తండ్రీ" అంటుంది. అక్కణ్నుంచి ఇల్లు, బాధ్యతలు, భర్తకు లోబడుట అంటూ మొదటి సగంలో ఇచ్చినదంతా రెండో సగంలో వెనక్కి తీసుకుంటుంది. మణెమ్మ ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది.

"యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్," అంది డయానా.

ఆ ముగింపు మాట వినబడితే బదులు పలక్కుండా ఆ నోళ్లు ఆగవు. పదిమందీ ఒక్కసారే ఆమెన్ అన్నారు. వాళ్లతోపాటు జయపాల్ కూడా అన్నాడు.