బాప్తిస్మానికి రెండు కొక్కేలు

హోబర్ట్ ముసలాయనకి పిలుపు ఆ ఏడు ఏప్రిల్‌లో వచ్చింది. పెరట్లో చిక్కుడు పాదులకి కర్రలు పాతిస్తూ, కుర్చీలో కూర్చుని అల్లుడి మీద కేకలేస్తున్నవాడు ఉన్నట్టుండి నోరు మూసేశాడు. ఎండ దెబ్బ తగిలిందేమోనని అల్లుడు డెల్మర్ కర్ర వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం లేదురా అల్లుడూ. నన్ను వాగులో ముంచమని సంఘాన్ని అడగాలి. వేళయింది" అన్నాడు ముసలాయన, భోజనానికి వేళయిందన్నంత మామూలుగా.

ఆ కొండల్లో ఈ విషయంలో ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు. పిలుపు లోపల్నించి రావాలి. వచ్చేదాకా వెనక బల్ల మీద కూర్చుని పాటలు పాడొచ్చు, ఆదివారం సంఘం భోజనాల్లో కోడికూర తినొచ్చు, చర్చి కప్పుకి మేకులు కొట్టొచ్చు. నీళ్ళలోకి మాత్రం దిగకూడదు. హోబర్ట్‌కి ఎనభై దాటాయి. పెళ్ళయిన నాటి నుంచీ కిటికీ పక్క బల్ల ఆయనదే. ఆయన భార్య పైలోకానికి వెళ్ళేముందు కూడా "నువ్వెప్పుడు?" అని అడగలేదు. అలా అడగడం మర్యాద కాదు.

కూతురు వెర్నా ఆ సంగతి విని పిండి చేతులతోనే ఆయన్ని వాటేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గాక ఇంట్లో అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. ఈయన్ని నీళ్ళలోకి దింపడం ఎలా?

హోబర్ట్ మోకాళ్ళు పనిచేయడం మానేసి రెండేళ్ళయింది. మనిషి చూస్తే పాత టేకు బీరువాలా ఉంటాడు. సంఘం బాప్తిస్మాలన్నీ లారెల్ వాగు మలుపులో, లోతు మడుగులో జరుగుతాయి. అక్కడ గట్టు నిటారుగా ఉంటుంది, రాళ్ళ మీద నాచు. జూన్‌లో నలుగురు మగాళ్ళు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. గట్టు సగం దిగేసరికి ఒకాయన కాలు జారింది. కుర్చీ, హోబర్ట్, మోసేవాళ్ళు, అందరూ కలిసి బురదలో కూర్చున్నారు. హోబర్ట్ పగలబడి నవ్వాడు. వెర్నా నవ్వలేదు.

పట్నంలో పెద్ద చర్చి ఒకటుంది. దాంట్లో గోరువెచ్చని నీళ్ళ తొట్టి, దానికి మెట్లు, పట్టుకోడానికి కమ్మీలు. అక్కడి పాస్టరు మంచివాడు, సెప్టెంబరులో తీసుకురమ్మన్నాడు.

"తొట్టిలో స్నానం చెయ్యాలంటే నాకింట్లో ఉంది తొట్టి" అన్నాడు హోబర్ట్. "మా అమ్మని ముంచింది ఆ మడుగులో. అమ్మని ముంచిన రోజు మడుగు మీద గడ్డకట్టిన మంచు పగలగొట్టారు. నేను సెప్టెంబరు నీళ్ళక్కూడా భయపడ్డానని పైకెళ్ళి ఆమెకి చెప్పనా?"

డాక్టరు మాత్రం ఒక్కటే చెప్పాడు. చలి పడ్డాక ఆయన గుండె వాగు నీళ్ళకి ఆగదు. చేసేదేదో ఆకులు రాలకముందే చెయ్యాలి.

డెల్మర్‌కి ఉపాయం తట్టింది కంచె గుంజ పీకుతున్నప్పుడు. వాళ్ళ చిన్న ట్రాక్టరుకి ముందు రెండు చేతులుంటాయి, వాటి చివర మట్టెత్తే బకెట్. ఆ బకెట్ చుట్టూ గొలుసు చుట్టి గుంజని లాగుతుంటే గొలుసు పక్కకి జారిపోయి గుంజ ఠపీమని నేల మీద పడింది. 'ఈ బకెట్ పై అంచుకి కొక్కేలు బిగిస్తే జారదు కదా' అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి, ట్రాక్టరు ఆపి, కాసేపు స్టీరింగు మీద చేతులుంచి అలాగే కూర్చున్నాడు.

ఇనప సామాన్ల కొట్టు గార్నెట్ గల్లాపెట్టె వెనక నిలబడి బల్ల మీద రకరకాల కొక్కేలు పరిచింది.

"దేన్ని లేపడానికి?"

"మా మావయ్యని."

గార్నెట్ కళ్ళజోడు కిందికి దించి అతన్ని ఎగాదిగా చూసింది. "బతికున్నాడా?"

"శుభ్రంగా ఉన్నాడు. బాప్తిస్మానికి."

"ఓహో! అలా చెప్పు. నేనింకా మీ ఇంట్లో ఏదో గొడవనుకున్నా." ఆమె సన్నటి సందున్న కొక్కేన్ని ముందుకి తోసింది. "మా వాళ్ళందరూ దుంగలకి ఇదే తీసుకుపోతారు. గొలుసు కడియాన్ని మొసలిలా పట్టేస్తుంది."

డెల్మర్ దాన్ని చేతిలో తిప్పి చూశాడు. దుంగ వేలాడినంతసేపూ బరువుగానే ఉంటుంది, గొలుసు బిగుసుకునే ఉంటుంది. మనిషి నీళ్ళలోకి దిగాడంటే సగం తేలిపోతాడు. గొలుసు వదులవుతుంది. వదులైన గొలుసు నోరు తెరిచిన కొక్కెంలోంచి లేచి బయటపడితే? అందుకని అతను దాన్ని పక్కనపెట్టి, నోటికి అడ్డంగా స్ప్రింగు నాలుక ఉన్నదాన్ని తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కితే నాలుక లోపలికి పోతుంది, వదిలితే టక్కున మూసుకుంటుంది. పిల్లాడిలా నాలుగైదుసార్లు టక్కుటక్కుమనిపించాడు.

"అది నా కొట్టులోనే పాడుచేసేట్టున్నావు" అంది గార్నెట్.

ఇంటికొచ్చి వెల్డింగు మిషను బయటికి లాగుతుంటే వెర్నా వాకిట్లోకొచ్చింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"కొక్కెం అతికిస్తున్నా."

"కోళ్ళ గూడు తలుపుకి నువ్వతికించిన బందు చూశావా ఈమధ్య? కాకి రెట్టేసినట్టుంది. మా నాన్నని నీ వెల్డింగుకి వేలాడదీస్తావా?"

డెల్మర్ మిషను లోపల పెట్టేశాడు. బోల్టులే మేలు. బోల్టు బిగిసిందో లేదో కళ్ళకి కనిపిస్తుంది. అతుకు లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

బకెట్ పై అంచుకి సరిగ్గా మధ్యలో చిల్లులు వేసి ఒక్క కొక్కెం బిగించాడు. వరండాలోని ఓక్ చెక్క చేతుల కుర్చీ తెచ్చి, నాలుగు మూలలా గొలుసులు కట్టి, హోబర్ట్‌కి బదులు దాణా బస్తాలు కూర్చోబెట్టి తాళ్ళతో కట్టాడు. లివరు లాగాడు. కుర్చీ నేల మీంచి లేచింది. లేచి, మెల్లిగా తిరగడం మొదలుపెట్టింది. ఒకవైపు తిరిగి, గొలుసులు మెలిపడ్డాక ఆగి, మళ్ళీ రెండోవైపు ఇంకా జోరుగా తిరిగింది. కుక్క దాని చుట్టూ పరిగెడుతూ మొరిగింది.

వరండాలోంచి హోబర్ట్ చూస్తున్నాడు. "అల్లుడూ, నన్ను పరలోకానికి పంపమన్నాను గానీ తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కించమన్లేదు."

పైగా బకెట్ అంచు ఆ మధ్యలో కాస్త కిందికి వంగింది. ఆ రేకు మట్టెత్తడానికేగానీ ఒక్కచోట బరువు మోయడానికి కాదు. డెల్మర్ మర్నాడు రెండో కొక్కెం కొనుక్కొచ్చాడు. ఈసారి మధ్యలో కాకుండా రెండు చివర్లా, సరిగ్గా ట్రాక్టరు చేతులు బకెట్‌ని పట్టుకునే చోట్లకి పైన పెట్టాడు. బరువు రేకు మీద కాక చేతుల మీద పడుతుంది. అంచు అడుగున మందపాటి ఇనప పట్టీ వేసి, బోల్టులు దాని గుండా దింపి, మరలు బిగించాడు. ట్రాక్టరు వెనక్కి సిమెంటు దిమ్మె తగిలించాడు, ముందు బరువుకి వెనక చక్రాలు లేవకుండా. కుర్చీ ఎడమ గొలుసులు ఎడమ కొక్కేనికి, కుడివి కుడిదానికి. ఇప్పుడది తిరగలేదు. ముందుకీ వెనక్కీ మాత్రం ఉయ్యాలలా ఊగింది.

శనివారం సంఘం కూడింది. అక్కడ ఏ సంగతైనా అందరూ ఒప్పుకుంటేనే జరుగుతుంది. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. పాస్టర్ ఆర్విల్ సంగతి చెప్పాడు. అందరూ తలలూపారు. సంఘ పెద్ద క్లాయిస్ మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయనా హోబర్టూ ఒకే గనిలో పనిచేసినవాళ్ళు.

"బాప్తిస్మం ఇచ్చేది పాస్టరు చేతితో. ఇక్కడ ముంచేది ట్రాక్టరు. ఆ లివరు పట్టుకునేవాడు డెల్మరు. అతను మంచోడే, నేను కాదనను. కానీ అతను సంఘంలో లేడు, నీళ్ళలో మునగలేదు. మునగనివాడు ముంచితే అది బాప్తిస్మమెలా అవుతుంది? నా మనసు ఒప్పడం లేదు."

వెనక బల్ల మీదున్న డెల్మర్ చెవులు కాలిపోయాయి. కోపం రాలేదు. అదే ప్రశ్న అతన్నీ రెండు రాత్రుల నుంచి తొలుస్తోంది.

"ఏరా క్లాయిస్, నేను చచ్చాక మనసు ఒప్పుకుంటుందా?" అన్నాడు హోబర్ట్ కిటికీ పక్కనుంచి.

"అందుకేరా నేను చెప్పేది! గొలుసు తెగితే నిజంగానే చస్తావు!"

ఆర్విల్ చెయ్యెత్తాడు. "ముందొకసారి మడుగు దగ్గర పెట్టి చూద్దాం. చూశాక మాట్లాడుకుందాం."

"అయితే ఆ కుర్చీలో నేనే కూర్చుంటా" అన్నాడు క్లాయిస్. "ముసలాణ్ణి ఎక్కించేముందు అది ఆగుతుందో లేదో నాకు తెలియాలి."

మర్నాడు ఆరాధన అయ్యాక అందరూ వాగుకి వచ్చారు. హోబర్ట్‌ని ట్రక్కులో కూర్చోబెట్టి గట్టు మీద ఆపారు. డెల్మర్ గులకరాళ్ళ దిబ్బ మీద ట్రాక్టరు నిలిపి చక్రాలకి బండలు అడ్డం పెట్టాడు. క్లాయిస్ బూట్లు విప్పి, టోపీ భార్య ఓవాకిచ్చి, కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. ఆర్విల్ చొక్కా చేతులు మడిచి నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు.

డెల్మర్ లివరు మెల్లిగా తోశాడు. కుర్చీ గట్టు దాటి, గాల్లో సాగి, మడుగు మీదికి వచ్చింది. క్లాయిస్ పాదాలు తడిశాయి, మోకాళ్ళు తడిశాయి, నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. గొలుసులు కాస్త వదులయ్యాయి. కొక్కేల నాలుకలు వాటిని విడవలేదు.

"ఆగుతోంది" అని ఒప్పుకున్నాడు క్లాయిస్, పళ్ళు కటకటలాడుతుంటే.

"వెనక్కి వాలుతుందో లేదో చూద్దాం" అంటూ ఆర్విల్ ఒక చెయ్యి ఆయన మెడ వెనక పెట్టాడు. రెండో చెయ్యి ఆయన చేతుల మీద వేశాడు. నలభై ఏళ్ళ నుంచి ఆ మడుగులో, ఆ నీళ్ళలో, ఆ చేతులు అక్కడ పడగానే ఆ నోరు ఏం పలుకుతుందో అదే పలికింది. ఆర్విల్ తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, "నా సహోదరుడా, తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున..." అంటూ, ఆమెన్‌తో సహా, క్లాయిస్‌ని నిండా ముంచేశాడు.

గట్టు మీద అందరూ ఒక్కసారిగా ముందుకి వంగారు.

క్లాయిస్ పైకి లేచాడు. ముక్కులోంచి, మీసాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఆర్విల్! ఏం చేశావయ్యా!"

ఆర్విల్ మొహం పాలిపోయింది. "అలవాటు, బ్రదర్. నోరు దానంతటదే..."

ట్రక్కులో హోబర్ట్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఓవా టోపీ గుండెకి హత్తుకుని, "ఇప్పుడు మా ఆయనకి రెండు బాప్తిస్మాలా? అయితే మొదటిది లెక్కలోకి రాదా? పెళ్ళి కూడా ఆ తర్వాతే అయింది మరి!" అంది గాభరాగా.

"ట్రాక్టరుతో ముంచితే బాప్తిస్మం కాదని మీ ఆయనే అన్నాడుగా. ఇక భయమేంటి?" అన్నారెవరో.

"కానీ చేతులు ఆర్విల్‌వి! మాటలూ అవే!"

గట్టు మీద మాట మీద మాట లేచింది. క్లాయిస్‌ని పైకి తీసి బొంతలో చుట్టారు. ఆయన వెళ్ళి బండ మీద కూర్చున్నాడు. డెల్మర్‌కి ఇంజను ఆపాలని కూడా తోచలేదు. తన వల్లే అంతా చెడిపోయిందనుకున్నాడు. వెర్నా వచ్చి ట్రాక్టరు మెట్టు మీద నిలబడి అతని భుజం పట్టుకుంది.

చివరికి ఆర్విల్ తడి బట్టలతోనే క్లాయిస్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "బ్రదర్, నన్ను క్షమించు. ఒక్క మాట అడుగుతా. ఇప్పుడు జరిగిందేంటని నీ మనసు చెబుతోంది?"

క్లాయిస్ బొంత అంచుతో మీసాలు తుడుచుకున్నాడు.

"స్నానం" అన్నాడు. "నన్ను ముంచమని నేను నిన్ను అడగలేదు. దేవుణ్ణీ అడగలేదు. నేను అడిగింది నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు. అదే బాప్తిస్మం. అడగనివాణ్ణి ఎవరి చేత్తో ముంచినా, ఏ మాట చెప్పి ముంచినా..." అని ఆగాడు. బొంత బిగించుకున్నాడు. ట్రక్కు వైపు చూశాడు. హోబర్ట్ నవ్వడం ఆపేసి, తలుపు అంచు రెండు చేతులతో పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"వాడు అడిగాడు" అన్నాడు క్లాయిస్. "ఎనభై ఏళ్ళకైనా వాడు అడిగాడు."

ఆర్విల్ లేచి అందరి వైపూ తిరిగాడు. "ఎవరికైనా అభ్యంతరముందా?"

ఎవరూ పలకలేదు.

"నాకు లేదు" అన్నాడు క్లాయిస్ గట్టిగా. "కాకపోతే డెల్మర్ భుజాల దాకే దింపాలి. అక్కణ్నుంచి లివరు మీద చెయ్యి తీసెయ్యాలి. మిగిలింది పాస్టరు చెయ్యే చూసుకుంటుంది. ఆ ఉయ్యాల చంటిపిల్లాడు వాల్చినా వాలుతుంది, నా ముక్కే సాక్ష్యం."

ఆ పై ఆదివారం ఎండ బంగారంలా కాసింది. వెర్నా తండ్రికి తెల్ల చొక్కా తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి మెత్తటి పట్టీ కట్టింది. డెల్మర్ ఒక్కో మరనీ రెంచితో ముట్టుకుని చూశాడు, మళ్ళీ ముట్టుకున్నాడు. సంఘం పాట అందుకుంది. ముందు ఆర్విల్ ఒక చరణం ఒక్కడే పలికితే, అందరూ దాన్ని సాగదీసి కొండలకి తగిలేలా పాడుతున్నారు. ఇంజను చప్పుడు ఆ పాటలో ఎక్కడో కలిసిపోయింది.

కుర్చీ దిగింది. నీళ్ళు హోబర్ట్ భుజాలు తాకగానే డెల్మర్ లివరు వదిలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ చేతులు తనవే, దింపిందీ అవే. అయినా ఇప్పుడు వాటికి పనిలేదు. ఎవరు మోస్తున్నారో, ఎవరు ముంచుతున్నారో, తేల్చుకోవలసిన అవసరం తనకి లేదనిపించింది.

ఆర్విల్ మెడ వెనక చెయ్యి పెట్టాడు. మాటలు పలికాడు. ఒక్క చేత్తో వాల్చాడు. కుర్చీ ఉయ్యాలలా వెనక్కి ఊగింది. తెల్లటి తల నీళ్ళ కిందికి వెళ్ళి, వెలుగుతూ పైకొచ్చింది.

హోబర్ట్ కళ్ళు తెరిచి, గాలి పీల్చి, పెద్ద గొంతుతో, "అమ్మా! నీళ్ళు చల్లగానే ఉన్నాయే!" అని అరిచాడు.

వాళ్ళ ఆచారం ప్రకారం కొత్తగా మునిగినవాణ్ణి గట్టెక్కాక అందరూ వరసగా వచ్చి చెయ్యి కలిపి కౌగిలించుకుంటారు. డెల్మర్ పైకి లేపబోతే క్లాయిస్ ఆగమన్నట్టు చెయ్యి ఊపి, బూట్లతోనే నీళ్ళలోకి దిగిపోయాడు. వెళ్ళి హోబర్ట్‌ని కుర్చీతో సహా వాటేసుకున్నాడు. ఆయన వెనక ఓవా దిగింది, గౌను బెలూనులా తేలుతుంటే. ఆమె వెనక సంఘమంతా దిగింది. ముసలమ్మలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చంటిపిల్లల్ని భుజాలకెత్తుకుని, పాడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ.

ఆ ట్రాక్టరు పాతది. ఎత్తిన బకెట్ ఊరికే నిలబడదు. దాన్ని లేపి ఉంచే గొట్టాల్లోని నూనె కొంచెం కొంచెం జారి బకెట్ అంగుళం అంగుళం దిగిపోతుంది. అందుకని డెల్మర్ మళ్ళీ లివరు పట్టుకోక తప్పలేదు. నలుగురు కౌగిలించుకునేసరికి హోబర్ట్ గడ్డం నీళ్ళకి తగిలేది. డెల్మర్ చిన్నగా పైకి లాగేవాడు. ఇంకో నలుగురు వచ్చేసరికి మళ్ళీ దిగేది.

"కొంచెం పైకి, అల్లుడూ!" అని కేకేసేవాడు హోబర్ట్, ఎవరి భుజం మీంచో తల బయటపెట్టి. "ఇంకా చాలామంది ఉన్నారు!"