బరువు మొయ్యకూడదు

పూరీలకి కలిపి తడిగుడ్డ కప్పి ఉంచిన పిండిలోంచి గణపతిరావు ఒక పిడికెడు తుంచుకున్నాడు. "క్లాసుకి కావాలి" అన్నాడు, రత్నం ఎందుకని అడక్కముందే. వంటింటి కిటికీలోంచి చూస్తే వరండాలో ఆరుగురు ఎముకల డాక్టర్లు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఆ ముద్ద పెట్టి, "కీలు బిగించే సిమెంటు ఈ పదునుకి రావాలి. జారుగా ఉంటే నిలవదు, గట్టిపడిపోతే కీలు లోపలికి దిగదు. చేతికి అంటడం మానేసే క్షణం కోసం కనిపెట్టుకుని ఉండాలి" అని పాఠం చెప్పాడు ఆమె మొగుడు. ఆరుగురూ పిండిని నలిపి, నొక్కి, తలలూపారు. బుద్ధెరిగాక పిండి కలిపినవాడు వాళ్ళలో ఒక్కడూ ఉండడు. పాఠం అయ్యాక ముద్దని వరండా గోడ మీద వదిలేసి, "మేడం, టిఫిన్ అయిందా?" అని కేకేశారు. పూరీలు తక్కువొచ్చాయి. తక్కువైన పూరీలు రత్నం వాటాలోవే.

అది ఎనభై నాలుగో సంవత్సరం చలికాలం. గణపతిరావు ఇంగ్లండులో ఏడాది ఉండి తుంటి కీలు, మోకాలి కీలు మార్చడం నేర్చుకుని వచ్చాడు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని. జిల్లాల్లో ఉన్న సర్జన్లకి ఆ విద్య నేర్పే శిబిరం అరకు లోయలో మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో పెట్టాడు. చల్లటి చోటు, కొత్తగా కట్టిన ఆపరేషన్ థియేటరు. అదీకాక, ఈ కొండల మీద చాలా ఇళ్ళల్లో ఉన్న ఒక రక్తం జబ్బు నిండు వయసులోనే తుంటి ఎముకని తినేస్తుంది. నేర్చుకునేవాళ్ళకి ఇలాంటి కీళ్ళు ఇంకెక్కడా దొరకవు. "రత్నం, నువ్వూ వస్తున్నావు" అన్నాడు. వస్తావా అని అడగలేదు. ఆపరేషన్లకి మత్తు ఇవ్వడానికి ఆమె కావాలి. పెళ్ళికి ముందు పాడేరులో పనిచేసినప్పుడు నేర్చుకున్న కొండ మాట కావాలి. సంతకని వెళ్ళిన వంటమనిషి తిరిగి రాలేదు కాబట్టి పూరీలకి కూడా ఆమే కావలసొచ్చింది.

ఆమె అసలు పేరు నూకరత్నం. నలుగురిలో బాగుండదని నూకని తీసేసింది గణపతిరావే. ఎముకల శస్త్రచికిత్సలో పై చదువుకి సీటు ముందు వచ్చింది కూడా ఆమెకే, అతనికి కాదు. ఆ రోజు అత్తగారు రాజులమ్మ అన్న మాట రత్నానికి ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆడకూతురు రంపం పట్టుకుని ఎముకలు కోసొచ్చి, ఆ సేత్తోనే నాకు అన్నం పెడతాదేటి?" గణపతిరావు తల్లిలా మొరటుగా మాట్లాడడు. అతను ఆమె జుత్తు నిమిరి, "ఒకింట్లో ఇద్దరు సర్జన్లు ఎందుకు రత్నం? నాకు కావలసింది మంచి మత్తు డాక్టరు. నమ్మకమైన మనిషి" అన్నాడు. ఆ నమ్మకం అన్న మాటకి ఆమె పడిపోయింది. సీటు వదులుకుని మత్తు చదువు చదివింది. మరుసటి ఏడు ఎముకల సీటు అతనికి వచ్చింది. అప్పటినించీ అతను కోసిన ప్రతి మనిషి తల దగ్గరా కూర్చుని ఊపిరి లెక్క చూస్తున్నది ఆమె. బాగుపడినవాళ్ళు దండం పెట్టేది కాళ్ళ వైపు నిలబడ్డవాడికి. తలవైపు ఎవరున్నారో వాళ్ళకి గుర్తుండదు, నిద్రపోతారు కదా. ఇంటికి చేరాక అతను కాళ్ళు బార్లా చాపుకుని "నడుం లాగేస్తోంది" అంటే అత్తగారు వేణ్ణీళ్ళు పెట్టమనేది. అదే థియేటర్లోంచి అదే కారులో వచ్చి దిగిన రత్నం వెళ్ళి పొయ్యి వెలిగించేది.

టిఫిన్ అయ్యాక గణపతిరావు మళ్ళీ పాఠం మొదలుపెట్టాడు. రత్నం గ్లాసులు తీస్తూ వింది. చెప్పడం వచ్చినవాడే, కాదనలేం. "ఈ ఆపరేషన్ మొదటి సూత్రం కోతలో లేదు. ఎవరికి చెయ్యకూడదో తెలియడంలో ఉంది. మనం వైద్యం చేసేది ఎక్స్‌రేకి కాదు, నొప్పికి. వయసులో ఉన్నవాళ్ళు, గొంతుక్కూర్చునేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు, వాళ్ళకి పెట్టిన కీలు వదులైపోతుంది. వాళ్ళకి అన్నీ చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటేనే చెయ్యాలి." ఆరుగురూ రాసుకున్నారు. ఆ తర్వాత అతనే బయట బెంచీ మీద కూర్చున్న కనక అనే అమ్మాయి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకి పట్టి, "చూడండి, ఎంత బాగుందో! రేపు మనం చేసేది ఈ తుంటే" అన్నాడు. కనకకి ముప్పై ఉండవు. అనంతగిరి పైన ఒక గూడెం నుంచి మొగుడు సుక్రు తీసుకొచ్చాడు. ఆమె కూర్చునేది గొంతుక్కూర్చునే, బతికేది బరువు మోసే. ఆరుగురిలో ఒక్కడూ రాసుకున్న కాగితం వైపు చూడలేదు.

"ఆవిడకి ఏం చెప్పమంటారు?" అని అడిగింది రత్నం.

"కాలు బాగవుతుందని చెప్పు, చాలు. మొగుడి చేత కాగితం మీద వేలిముద్ర వేయించు."

రత్నం వెళ్ళి కనక పక్కన బెంచీ మీద కూర్చుంది. నిజానికి కాలు బాగవుతుందని ఒక్క మాట చెప్పి లేచి వచ్చేయడానికే వెళ్ళింది. కానీ కనక చెయ్యి మెడ వెనక్కి పోయి అక్కడ రుద్దుకుంటోంది. కట్టెల మోపు ఒరుసుకుని నల్లగా కాయ కాసిన చోటు అది. అది చూశాక రత్నానికి మాట సగంలో ఆపడం చేతకాలేదు. తెలుగు సగం ఒరియా సగం కలిసిన ఆ మాటలో మొత్తం చెప్పింది. పుచ్చిన ఎముక తీసేసి ఉక్కు కీలు పెడతారు. నొప్పి చాలామందికి పోతుంది. ఒక్కోసారి చీము పట్టొచ్చు, నీకున్న రక్తం జబ్బు వల్ల ప్రాణం మీదికీ రావొచ్చు, నేను పక్కనే ఉండి చూసుకుంటాను. కొన్నేళ్ళకి కీలు వదులైతే మళ్ళీ కొయ్యాలి. గొంతుక్కూర్చోకూడదు. బాసింపట్టు వెయ్యకూడదు. నెత్తిన బరువు పెట్టుకుని కొండ ఎక్కకూడదు, దిగకూడదు.

కనక చూపు ఆమె మొహం మీద నిలిచిపోయింది. "మళ్ళా సెప్పు" అంది.

రత్నం మళ్ళీ చెప్పింది.

"కట్టెలు?"

"మొయ్యకూడదు."

"గెడ్డ కాడ నీళ్ళు?"

"బిందెతో తేకూడదు."

"సంతకి అడ్డాకుల మోపు?"

"అదీ వద్దు."

"ఎన్నాళ్ళు?"

"బతికున్నంత కాలం."

అర్థం కాక అడుగుతోందనుకుంది రత్నం. అర్థం కాక కాదు. ఎండాకాలంలో దాహం వేసినవాళ్ళు నీళ్ళు తాగినట్టు ఒక్కో "వద్దు" నీ మింగుతోంది ఆ మనిషి. చివరికి గొంతు తగ్గించి, "ఇదంతా డాక్టర్లు సెప్పేరని నువ్వు ఈడికి సెప్తావా?" అని సుక్రు వైపు గడ్డం చూపించింది. "సెప్తే మరి బేగి కొయ్యండి."

రత్నానికి అసూయ పుట్టింది. తుంటి పుచ్చితే తప్ప ఆడదాన్ని కూర్చోనివ్వరు, సరే. తనకి అదన్నా పుచ్చలేదే అనిపించింది. వెంటనే ఆ ఆలోచనకి సిగ్గుపడింది.

సుక్రుకి చెప్తే అతను కోప్పడలేదు. తెల్లబోయాడు. "కాలు బాగైతే పని సేత్తాదని కదా డోలీ కట్టి దించేను. కూకోకుండా, మొయ్యకుండా ఆడది ఏటి సేత్తాదమ్మా? ఈ కాల్తోనైతే కుంటుకుంటన్నా మోత్తంది." వేలిముద్ర వెయ్యనన్నాడు. కర్ర తీసి కనక చేతికిచ్చి లెమ్మన్నాడు. రత్నానికి అతని మీద కూడా కోపం రాలేదు. తనింట్లో తీయగా, ఇంగ్లీషు కలిపి చెప్పే మాటే ఇతను పచ్చిగా చెప్పాడు.

గణపతిరావుకి మాత్రం కోపం వచ్చింది. ఆరుగురి ముందే, "అనువాదం చెయ్యమంటే ఉపన్యాసం ఇచ్చొచ్చావా? వీళ్ళు ఎంతెంత దూరాల నించి వచ్చారో తెలుసా? వెళ్ళి రెండు నెలలు జాగ్రత్తగా ఉంటే చాలు, తర్వాత అన్ని పనులూ చేసుకోవచ్చని చెప్పు" అన్నాడు.

"అది అబద్ధం."

"అందరికీ అన్నీ చెప్తే ఈ దేశంలో ఒక్క ఆపరేషన్ జరగదు రత్నం."

"అయితే అబద్ధం మీరే చెప్పండి. వాళ్ళ మాట వచ్చిన మనిషిని ఎవరినైనా చూసుకోండి." ఆమె అంతటితో ఆగలేదు. "ఆ అమ్మాయి చెయ్యమంటోంది. అన్నీ విని చెయ్యమంటోంది. కాలు ఆవిడది, వేలిముద్ర కూడా ఆవిడదే వెయ్యనివ్వండి. మొగుడి వేలిముద్ర పట్టుకొస్తే నేను మత్తు ఇవ్వను."

గణపతిరావు ఒక్క నిమిషం ఆలోచించాడు. ఆ ఆలోచన ఏమిటో రత్నానికి తెలుసు. రేపటి పాఠానికి తుంటి కావాలి. "సరే, చట్టప్రకారం కూడా అదే సరి" అని ఆరుగురి వైపు తిరిగి, అది తన మొదటి సూత్రమే అయినట్టు నవ్వాడు. కనక మాట చెల్లింది, దాంతో వాళ్ళకి పని ఉంది కాబట్టి. సుక్రు డోలీ కర్ర భుజాన వేసుకుని ఒక్కడూ వెళ్ళిపోయాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. చలికి కనక రక్తం మొరాయించకుండా రత్నం కంబళ్ళు కప్పి, సెలైన్ సీసాలు వేణ్ణీళ్ళలో వెచ్చబెట్టి, ఒక్కసారి కూడా నాడి మీది వేలు తియ్యలేదు. అయ్యాక ఆరుగురూ చప్పట్లు కొట్టారు. ఫొటో దిగుతామన్నారు. గణపతిరావు కెమెరా తెచ్చి రత్నం చేతికిచ్చి, "నువ్వు తియ్యి, నీ చెయ్యి వణకదు" అన్నాడు.

శిబిరం ముగిసి జీపులో సామాను ఎక్కిస్తుంటే రత్నం తన పెట్టె దింపేసుకుంది. "ఈ అమ్మాయికి నడక నేర్పాలి. మీరే చెప్పారు, కోత సగం, ఆ తర్వాతది సగం అని. ఆ సగం ఎవరు చూస్తారు?"

"నర్సు చూస్తుంది. ఇంట్లో అమ్మని ఎవరు చూస్తారు?"

"కొడుకు ఉన్నారుగా."

అతను నవ్వాడు, ఆమె వేళాకోళం ఆడిందనుకుని. కాదని తెలిశాక నవ్వు ఆపి, డ్రైవర్ వింటున్నాడని ఇంకేమీ అనకుండా జీపెక్కాడు.

కాళ్ళ మధ్య తలగడ పెట్టుకుని పడుకోవడం కనకకి కష్టమైంది. కుర్చీలో కూర్చోవడం ఇంకా కష్టం. జన్మలో కూర్చోలేదు, పడిపోతానని అంచులు పట్టుకునేది. మెల్లమెల్లగా వరండా ఈ చివరి నించి ఆ చివరికి నడిచింది. నొప్పి లేదు. ఒకసారి నడక మధ్యలో ఆగి ఏడ్చింది. నొప్పి లేకపోవడం ఎలా ఉంటుందో మర్చిపోయానంది.

ఆ వారంలోనే రెండు కబుర్లు వచ్చాయి. సుక్రు పక్క గూడెం నుంచి ఇంకో పిల్లని తెచ్చుకున్నాడని ఒకటి. రెండోది విశాఖపట్నం నుంచి, గణపతిరావు ఫోను. "ఇక్కడేం లోటు లేదులే, నువ్వు తీరిగ్గా రా. నీ తమ్ముడి కూతురు చిన్నమ్మలుని అమ్మ బడి మానిపించి తెప్పించింది. చురుకైన పిల్ల." కోడలు చెయ్యని పనికి కోడలి పుట్టింటివాళ్ళే మనిషిని పంపాలందట రాజులమ్మ. తమ్ముడు కాదనలేకపోయాడు.

సంత రోజున వరండా ముందు ఒక పిల్ల ఆగింది. నెత్తిన కట్టెల మోపు, మెడ కిందికి కుంగి ఉంది. సుక్రు తెచ్చుకున్న పిల్ల. పదహారేళ్ళు ఉంటాయేమో. కనకకి ఇమ్మని సుక్రు పంపిన సామలు కొంగులో మూటగట్టి తెచ్చింది. తిడుతుందేమో, జుత్తు పట్టుకుంటుందేమో అని రత్నం లేచి నిలబడింది. కనక ఆ పిల్లని మోపు దించమంది. తన కుర్చీ చూపించి కూర్చోమంది. ఆ పిల్ల కుర్చీకి భయపడి నేల మీదే చతికిలబడింది.

"డాక్టరమ్మా," అంది కనక, "ఈ గుంటకి కూడా సెప్పు, బరువు మొయ్యకూడదని."

"దాని కాళ్ళు బాగానే ఉన్నాయి కదా కనకా?"

"బాగున్నప్పుడే సెప్పాల."

రత్నం ఆ పిల్లకి చెప్పింది. ఆ పిల్ల నవ్వి, సంత వేళైపోతోందని మోపెత్తుకుని పోయింది. అది రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అటే చూశారు. కనక దించిన బరువు ఎక్కడికీ పోలేదు, ఇంకో చిన్న మెడ మీదికి ఎక్కింది. తను దించి వచ్చినది కూడా అంతే. తీరిగ్గా రమ్మన్నాడు!

రత్నం ఆఫీసు గదిలోకి వెళ్ళి విశాఖపట్నానికి ట్రంకాల్ బుక్ చేసింది. లైను కలిసేసరికి పొద్దు వాలింది. ఎత్తింది రాజులమ్మ. "బయల్దేరుతన్నావా?" అంది. చిన్నమ్మలుకి ఇవ్వమంది రత్నం.

"అత్తా" అంది అట్నించి పన్నెండేళ్ళ గొంతు.

"రేపు రైలుకి వచ్చి నిన్ను ఇక్కడికి తెచ్చేసుకుంటాను. మిషన్ బడిలో చదువుదువు గాని. నేనూ ఇక్కడే ఉంటాను."

ఆ పిల్ల మెల్లగా, "ఇక్కడ అన్నం ఎవరు వండుతారత్తా?" అని అడిగింది.

రత్నానికి పాతికేళ్ళు వచ్చాక నేర్పిన మాట దీనికి నెల తిరక్కుండానే నేర్పేశారు.

"అది నువ్వు ఆలోచించే పని కాదు. బట్టలు సర్దుకో."

"ఏటంటాదే మీ అత్త?" పక్కనుంచి రాజులమ్మ గొంతు. ఆ వెనకాల ఎక్కడో గణపతిరావు కూడా ఏమిటేమిటని అడగడం వినిపించింది. చిన్నమ్మలు భయపడి రిసీవర్‌ని చేత్తో మూసినట్టుంది, మాట దూరమైంది. "ఏం చెప్పనత్తా?" అంది మళ్ళీ దగ్గరికొచ్చి, గుసగుసగా.

"ఉన్నదున్నట్టు చెప్పు" అంది నూకరత్నం.