తువ్వాలు మడతలో పన్నెండో అంచె

ఆ బడి నడవా చివర, విరిగిన బెంచీలు పేర్చిన గదికి పక్కన, ‘జీవన నైపుణ్యాల గది’ అనే బోర్డు కింద ఒక చిన్న సామ్రాజ్యం వర్ధిల్లుతూ ఉండేది. ఎవరూ నిద్రపోని మంచం, గ్యాసు లేని పొయ్యి, ఏ ఇంటికీ చెందకుండా గోడకు ఆనించి నిలబెట్టిన తలుపు, ఆ తలుపుకో కాలింగ్ బెల్లు అక్కడి రాజ్యసంపద. ప్రజలు ఏడుగురు. లెక్కలూ చరిత్రా నేర్పడం తమ వల్ల కాదని మిగతా తరగతుల వాళ్ళు చేతులెత్తేసి పంపించిన పిల్లలు, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళు. బస్సెక్కి సరైన చోట దిగడం, గుండీలు వరస తప్పకుండా పెట్టుకోవడం, కొత్తవాళ్ళు బెల్లు కొడితే తలుపు తీయకపోవడం అక్కడ బోధించే మహాశాస్త్రాలు. పదహారేళ్ళుగా ఆ సింహాసనం మీద, అంటే ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీ మీద, టీచరు కొలువై ఉంది.

టీచరు రచనలన్నిటిలోకీ ఘనమైనది తువ్వాలు మడత. మామూలు మనుషులు టీవీ చూస్తూ కానిచ్చేసే ఆ పనిని ఆమె పదకొండు అంచెలుగా విడదీసి, అంచెకో బొమ్మ గీయించి, గోడకు అంటించింది. మొదటిది, తువ్వాలు బల్ల మీద పరచాలి. రెండోది, పై మూలలు రెండూ పట్టుకోవాలి. అలా అలా సాగి పదకొండోదానికి, మడత అంచు ముందుకు వచ్చేట్టు దొంతిలో పెట్టాలి. బొమ్మల పక్కన ఒక పట్టిక. చెయ్యి పట్టి చేయిస్తే అడ్డగీత, నోటితో చెప్పి చేయిస్తే నిలువుగీత, తనంతట తాను చేస్తే ఎర్రచుక్క. ఎనిమిది నెలల్లో మహారాణి పేరు పక్కన పదకొండు గళ్ళూ ఎర్రబడ్డాయి. జైత్రయాత్ర ముగించి వచ్చిన చక్రవర్తులు తమ పటాన్ని చూసుకునే చూపుతో టీచరు రోజుకోసారి ఆ పట్టికను చూసుకునేది.

మహారాణి ఆ గదిలోకెల్లా పొడుగైన పిల్ల. కూర్చున్నా నిలబడ్డా వెన్ను వంచదు, తొందరపడదు, ఎవరో వచ్చి చెప్పందే కుర్చీలోంచి లేవదు. అందుకే ఆ బిరుదు. త్వరలో పద్దెనిమిది నిండుతాయి, ఏడాది ముగియగానే బడి ఆమెను సాగనంపుతుంది. ఆ తర్వాత రెండే దారులు. ఒకటి, పెద్ద హోటలు లాండ్రీలో తువ్వాళ్ళు మడిచే ఉద్యోగం. రెండోది ఇల్లు. ఇంట్లో తల్లి తప్ప మరో మనిషి లేరు. మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే తల్లి, ఆ పని మానుకుని కూతురికి ఎదురుగా కూర్చోవాలి.

హోటలు వాళ్ళ షరతు ఒక్కటే. రెండు వారాల తర్వాతి గురువారం రెండు గంటలు పనిచేసి చూపించాలి, పక్కన ఎవరూ నిలబడకూడదు.

“మాకు ఒక మనిషి కావాలి మేడం. ఇద్దరు కాదు,” అంది ఫోనులో లాండ్రీ సూపర్వైజరు.

టీచరు నవ్వి, పదకొండు అంచెల కాగితానికి ఒక నకలు తీయించి లాండ్రీకి కూడా పంపింది. ఆ నవ్వు సరిగ్గా రెండు రోజులు బతికింది.

దాని ప్రాణం తీసినవాడు రేడియో. కళ్ళెదుట జరిగేదంతా వార్తల్లా చదవడం ఆ పిల్లవాడు పట్టిన దీక్ష. నిద్రలో తప్ప ప్రసారం ఆగదు.

“మహారాణి మూలలు కలిపింది. టీచర్ తలూపారు. మహారాణి సగానికి మడిచింది. టీచర్ తలూపారు.”

“ఒరేయ్, కాసేపు ఆపు నాయనా,” అంది టీచరు అతని వైపు తిరిగి.

“ఆపను. టీచర్ నాతో మాట్లాడుతున్నారు. టీచర్ తలూపలేదు. మహారాణి ఆగిపోయింది.”

టీచరు తిరిగి చూసింది. తువ్వాలు సగం మడతలో ఉంది. మహారాణి రెండు చేతులూ దాని మీద ఆనించి, రెప్ప వేయకుండా టీచరు గడ్డం వైపే చూస్తోంది. టీచరు ప్రమేయం లేకుండానే ఆమె గడ్డం ఒక వెంట్రుక మందాన కిందికి దిగింది. మహారాణి మూడో మడత వేసింది.

“టీచర్ తలూపారు,” అన్నాడు రేడియో.

పదకొండు అంచెల మహాగ్రంథంలో రాయని పన్నెండో అంచె ఒకటుందని, అది మిగతా పదకొండింటి మధ్యా దూరి కూర్చుందని, దాని కర్త తన మెడేనని టీచరుకు అప్పుడు తెలిసింది. ఎర్రచుక్కలు పదకొండూ శుద్ధ అబద్ధాలు. గురువారానికి పన్నెండు రోజులుంది.

ఆ పన్నెండు రోజుల యుద్ధంలో టీచరు గెలిచిన పూట ఒక్కటి లేదు. వీపు తిప్పి నిలబడింది. మహారాణి సగం మడిచిన తువ్వాలుతో బల్ల చుట్టూ నడిచివచ్చి ఎదురుగా నిలబడింది. మాస్కు కట్టుకుంది. మహారాణి కనుబొమలు చదవడం నేర్చుకుంది, అదీ ఒక్కరోజులో, ఏ బొమ్మల సాయమూ లేకుండా. మెడ బిగబట్టి కూర్చుంది. ఆటల మాస్టారు దారిన పోతూ లోపలికి తొంగి చూశాడు.

“మెడ పట్టేసిందా టీచర్? వేడినీళ్ళ కాపడం పెట్టించండి.”

చివరికి గది బయటికి వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. నలభై నిమిషాలు. మహారాణి ఒక మూలను పట్టుకుని, ఎవరో రావలసిన మనిషి బస్సు ఆలస్యమైనట్టు, నిశ్చింతగా నిలబడింది. మధ్యాహ్నం గంట కొట్టాక తువ్వాలు అక్కడే వదిలేసి అన్నానికి వెళ్ళింది.

“నీకు వచ్చు కదమ్మా!”

“వచ్చు,” అంది మహారాణి.

“మరి చెయ్యి.”

“చేస్తా.”

చెయ్యదు. మొండితనమైతే తిట్టవచ్చు, చేతకానితనమైతే నేర్పవచ్చు. ఇది రెండూ కాదు, మర్యాద. టీచరు తొమ్మిదోరోజున తువ్వాలు లాక్కుని, ఉండ చుట్టి, ఎవరూ నిద్రపోని ఆ మంచం మీదికి విసిరికొట్టింది.

“టీచర్ తువ్వాలు విసిరేశారు,” అన్నాడు రేడియో. గోడ మీది బొమ్మలవైపు చూసి, “అది అంచెల్లో లేదు,” అని చేర్చాడు.

ప్రిన్సిపాలు గారికి మొర పెట్టుకుంటే ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, “ప్రోత్సాహం ఇచ్చి చూశారా?” అన్నారు.

“సార్, రోగమే అది.”

“అయినా కాస్త పెంచి చూడండి.”

సాయంత్రం గేటు దగ్గర తల్లి పట్టుకుంది. కంపెనీ టోపీ ఇంకా తలమీదే ఉంది.

“మీరు చూస్తుంటే చేస్తోంది కదండీ టీచర్ గారూ. ఇంట్లో నేను చూస్తుంటే స్నానం కూడా తనే చేస్తుంది. చూడ్డానికి మనదేం పోయింది?”

“లాండ్రీలో చూసేవాళ్ళుండరమ్మా.”

“ఆ సూపర్వైజరమ్మని బతిమాలతాను. మధ్యమధ్యలో కాస్త మొహం చూపించమని.”

“తువ్వాలుకి పదకొండుసార్లు చూపించాలి!”

తల్లి ఆ లెక్క విని తలమీది టోపీ తీసేసింది. “మా మేనేజరు శుక్రవారంలోగా చెప్పెయ్యమన్నాడండీ, ఉంటానో మానేస్తానో,” అంది. “చెప్పనా మరి, ఉంటానని?”

టీచరుకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక, “చూద్దాం అమ్మా,” అంది. ఆ మాట అంటున్నంతసేపూ ఆమె తల ఓదార్పుగా ఊగుతూనే ఉంది.

గురువారం వచ్చింది.

లాండ్రీ అంటే వేడి. గోడ పొడవునా ఆరు యంత్రాలు గుడగుడలాడుతున్నాయి. రెండు నిమిషాలకొకసారి ఒకదాని నోరు తెరుచుకుని తెల్ల తువ్వాళ్ళను బల్లమీదికి కక్కుతోంది. బల్లకు ఒక పక్క ఇస్త్రీ ఆవిడ దుప్పట్లతో కుస్తీ పడుతోంది. రెండో పక్క మహారాణిని నిలబెట్టారు. టీచరుకు కేటాయించిన స్థానం గేటు దగ్గరి వాచ్‌మన్ గదిలో ఒక స్టూలు.

ఆ స్టూలు మీద టీచరు తొమ్మిది నిమిషాలు కూర్చుంది. పదో నిమిషాన, లోపల అగ్నిప్రమాదం జరిగితే పిల్లకు దారి తెలియదేమోననే బాధ్యతాయుతమైన ఆలోచన ఒకటి పుట్టింది. పదకొండో నిమిషాన ఆమె పక్కగుమ్మం గుండా లోపలికి దూరి, కడ్డీకి ఆరేసిన మంచం దుప్పట్ల వెనక నిలబడింది.

మహారాణి మొదటి తువ్వాలు పరిచింది, మూలలు పట్టుకుంది, తలెత్తింది. ఎదురుగా గోడ ఉంది. గోడ తలూపలేదు. యంత్రం మరో విడత తువ్వాళ్ళను వదిలింది. అరగంటలో కుప్ప పెరిగి, అంచు దాటి, ఒకటొకటిగా నేలమీదికి జారసాగింది.

“ఏమ్మాయ్, ఫోటో తీస్తున్నారా?” అంది ఇస్త్రీ ఆవిడ.

మహారాణి తువ్వాలును ఆమె ముందు పట్టింది.

“నాకెందుకు చూపిస్తావే తల్లీ? నా పాట్లు నేను పడలేక చస్తుంటే!”

మహారాణి యంత్రాల దగ్గరి మనిషికి చూపించింది. అతను ఇటు తిరగనే లేదు. అక్కడి నుంచి గదంతా కలయజూసి, తిన్నగా దుప్పట్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆమెకూ టీచరుకూ మధ్య ఒక్క తడి దుప్పటి.

“టీచర్, మీ చెప్పులు కనిపిస్తున్నాయి.”

దుప్పటి కింది చెప్పులు రెండంగుళాలు వెనక్కి జరిగాయి.

“టీచర్.”

“నేను లేను,” అంది టీచరు పళ్ళబిగువున.

“ఉన్నారు.”

“లేనని చెప్తున్నానా!”

మహారాణి ఆ సమాధానాన్ని నిదానంగా పరిశీలించింది. “మరి ఎవరు చెప్తున్నారు?” అంది.

అప్పుడు దుప్పటి దానంతటదే పక్కకు జరిగింది. జరిపినది సూపర్వైజరు. మోచేతుల దాకా ఆవిరి కాల్చిన పాత మచ్చలు, చేతిలో టీచరు పంపిన కాగితం.

“ఆ పిల్లకి పని రాదా మేడం?”

“వచ్చండీ. పూర్తిగా వచ్చు.”

“మీకు?”

“నాకేంటి?”

“తువ్వాలు మడవడానికి పదకొండు అంచెలు రాశారే, స్టూలు మీద కూర్చోవడానికి ఎన్ని రాశారు?”

ఇస్త్రీ ఆవిడ నవ్వు యంత్రాల మోతను మించి వినిపించింది. టీచరు చెవులు మండాయి. షరతు తప్పింది పిల్ల కాదు, తను. ఇప్పుడీ మనిషి ‘పొండి’ అంటే తల్లీ కూతుళ్ళకు ఏమని చెప్పాలి?

“ఇంకా గంటా పది నిమిషాలుంది,” అంది సూపర్వైజరు గోడగడియారం చూసి. “మీరు గేటు బయటికి నడవండి. గది కాదు, గేటు బయట. ఈ పిల్ల సంగతి ఆ తర్వాత.”

మహారాణి తువ్వాలు పట్టుకుని టీచరు గడ్డం వైపే చూస్తోంది. ఒక్కసారి దించితే చాలు. పిల్ల బల్ల దగ్గరికి వెళ్తుంది, ఒక మడత పడుతుంది, తర్వాతి మడతకు మళ్ళీ ఈ గుమ్మం దగ్గరికే వస్తుంది. టీచరు అరచేత్తో గడ్డాన్ని గట్టిగా పట్టుకుని, అలాగే, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

“పన్నునొప్పా మేడం?” అన్నాడు వాచ్‌మన్ గేటు మూస్తూ. “ఎదురు సందులో డాక్టరున్నాడు.”

గంటా పది నిమిషాలు టీచరు రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. పదహారేళ్ళలో తన చేతిమీదుగా బయటికి వెళ్ళిన పిల్లల్ని ఒక్కొక్కరినే తలుచుకుంది. వాళ్ళంతా ఇప్పుడు ఎవరి గడ్డం చూస్తున్నారో! నాలుగు దాటాక గేటు తెరుచుకుంది. వచ్చింది సూపర్వైజరు.

“ఇరవై మూడు.”

“ఏమిటండీ?”

“తువ్వాళ్ళు. మావాళ్ళు గంటకి రెండొందలు మడుస్తారు. మీరెళ్ళాక మొదటిదానికే ఇరవై ఆరు నిమిషాలు తీసుకుంది. నేలంతా తువ్వాళ్ళే. మా ఇస్త్రీ ఆవిడ తిట్టని తిట్టు లేదు.”

“ఆ మొదటిది... ఎలా మొదలుపెట్టింది? ఎవరైనా తలూపారా?”

“తలూపడానికి తలెత్తే తీరిక ఉండాలిగా. ఎవరూ చూళ్ళేదు. చూసేసరికి మడుస్తోంది.”

“అంటే, ముందు ఏం చేసింది? అటూ ఇటూ చూసిందా? నించుందా? ఏమైనా అందా?”

“చూళ్ళేదని చెప్తున్నా కదండీ!” సూపర్వైజరు విసుక్కుంది. “రేపు కూడా పంపండి, వారం రోజులు చూస్తాను. పుంజుకుంటే ఉంచుతా, లేకపోతే లేదు. ఆ పిల్ల ఒక్కతే రావాలి. మీరు ఈ వీధిలోకే రావద్దు.”

రావలసిన దానికన్నా మంచి మాటే వచ్చింది. అయినా టీచరుకు ఎవరో జేబు కొట్టేసినట్టుంది. పదహారేళ్ళ కొలువులో చూసి తీరవలసిన క్షణం ఒక్కటే ఒక్కటి. అది ఆ గోడ అవతల, ఆవిరిలో, సాక్షి లేకుండా జరిగిపోయింది. ఏ గడిలో ఏ చుక్క పెట్టాలి?

ఇంతలో అడుగుల చప్పుడు. ఇస్త్రీ ఆవిడా మహారాణీ బయటికి వస్తున్నారు. మహారాణి జుట్టు చెమటకు నుదుటికి అంటుకుంది. వెన్ను మాత్రం ఎప్పటిలాగే నిటారు. టీచరుకు మెడ నరాలు వాటంతటవే సడలుతున్నట్టు తెలిసింది. గిరుక్కున తిరిగి, గోడమీది నోటీసుకు మొహం ఆనించినంత దగ్గరగా నిలబడింది. ‘ఇక్కడ వాహనములు నిలుపరాదు. నిలిపినచో గాలి తీయబడును.’

అడుగులు వెనక ఆగాయి.

“టీచర్.”

టీచరు రెండో వాక్యం చదివింది.

“పదమ్మాయ్, బస్సొచ్చే వేళైంది. మీ అమ్మ అక్కడ స్టాపులో నించుని ఉంటుంది,” అంది ఇస్త్రీ ఆవిడ.

“టీచర్ మొహం అటుంది.”

“ఉంటే ఉండనీ. ఎక్కేది బస్సా, ఆవిడ మొహమా?”

ఒక జత చెప్పులు టకటకా వెళ్ళిపోయాయి. రెండో జత కదల్లేదు. టీచరు నోటీసును మళ్ళీ మొదటి నుంచీ చదివింది, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరుతో సహా. వీధి మలుపులో బస్సు హారను కొట్టింది.

రెండో జత చెప్పులు కదిలాయి. నెమ్మదిగానే కదిలాయి. బస్సు వైపో, మరో వైపో, తిరిగి చూస్తే గాని తెలియదు. టీచరు గడ్డం ఎత్తి పట్టుకుని, వాహనములు నిలుపరాదని మూడోసారి చదవసాగింది.